కంట్రోలర్ మార్చేముందు ఇది చదవండి: టోనీ హాక్ ఆటపై అపోహలు - వాస్తవాలు

“అన్నా, ఎక్స్ బటన్ లేటుగా పడుతోంది.” “స్టిక్ పోయినట్టుంది బ్రదర్, మాన్యువల్ అస్సలు నిలబడటం లేదు.” బెంగళూరు మారతహళ్లిలో గేమ్ కంట్రోలర్లు రిపేర్ చేసే నా దగ్గరికి ఈ రెండు ఫిర్యాదులు వస్తూనే ఉంటాయి. ఏ ఆట ఆడుతున్నారని అడిగితే చాలాసార్లు ఒకటే జవాబు: టోనీ హాక్స్ ప్రో స్కేటర్ 1+2, అంటే పాత స్కేట్‌బోర్డు ఆట మొదటి రెండు భాగాలను కలిపి కొత్తగా చేసింది. ఈ మధ్య 3+4 కూడా. మాన్యువల్ అంటే అందులో రెండు చక్రాల మీదే బోర్డును నిలబెట్టి పోవడం.

వచ్చేది ఎక్కువగా ముప్పై ఐదు, నలభై ఏళ్ల మన తెలుగువాళ్లు. కర్నూల్లోనో నెల్లూరులోనో గంటకింత అని డబ్బులిచ్చి, వీడియో గేమ్ షాపులో పాత ప్లేస్టేషన్ మీద ఈ ఆట ఆడినవాళ్లు. ఇప్పుడు వైట్‌ఫీల్డ్‌లోనో బెళ్లందూరులోనో ఉద్యోగం, ఇంట్లో పెద్ద టీవీ, పీఎస్5. చిన్నప్పటి ఆట కొత్త రూపంలో వచ్చిందని సంబరంగా కొనుక్కుంటారు. మొదటి రాత్రే రెయిల్ (బోర్డుతో ఎక్కి జారే కడ్డీ) అందక పడీపడీ విసిగిపోయి కంట్రోలర్ పాడైందని తేల్చేస్తారు. తీరా విప్పి చూస్తే చాలావాటిలో ఏ లోపమూ ఉండదు.

అపోహ: స్కేటర్ లేటుగా ఎగురుతున్నాడంటే కంట్రోలర్ పోయినట్టే

అన్నిటికంటే ఎక్కువ డబ్బు తగలేయిస్తున్నది ఈ అపోహే. కొత్త కంట్రోలర్ అంటే ఐదారు వేలు. అది కొన్నాక కూడా స్కేటర్ అలాగే లేటుగా ఎగురుతాడు. అప్పుడు కన్సోల్ మీద అనుమానం. ఆ తర్వాత యూట్యూబ్‌లో ఎవరో చెప్పారని కన్సోల్ రీసెట్ చేసి, సేవ్ చేసుకున్న ఆటలు కూడా పోగొట్టుకుని నా దగ్గరికి వచ్చినవాళ్లున్నారు. పాపం అనిపిస్తుంది. తెలిసీ తెలియకుండా ఇలాంటి సలహాలు పంచేవాళ్ల మీద మాత్రం ఒళ్లు మండుతుంది.

ముందు ఆట సంగతి. ఇందులో ఎక్స్ నొక్కితే స్కేటర్ ఎగరడు. నొక్కి పట్టుకుంటే వంగి వేగం పుంజుకుంటాడు, వదిలినప్పుడు ఎగురుతాడు. 1999లో నెవర్‌సాఫ్ట్ స్టూడియో చేసిన మొదటి ఆట నుంచీ ఇదే పద్ధతి. మధ్యలో ఇన్నేళ్లు వేరే ఆటలు ఆడిన బొటనవేలికి మాత్రం నొక్కగానే ఎగరడం అలవాటైపోయింది. రెయిల్ అంచుకు వచ్చాక నొక్కుతారు, వేలు పైకి లేచేసరికి అంచు దాటిపోతుంది. బటన్ లేటుగా పడుతోందన్న ఫిర్యాదుల్లో కొన్ని ఇక్కడే తీరిపోతాయి. రెయిల్ ఇంకా దూరంగా ఉండగానే ఎక్స్ నొక్కి పట్టుకోండి, అంచు దగ్గర వదలండి, గాల్లో ఉండగా ట్రయాంగిల్ నొక్కండి. ఇది ఒక సాయంత్రంలో చేతికి వచ్చేస్తుంది.

అయినా లేటుగానే ఉందంటే అనుమానించాల్సింది టీవీని. గేమ్ షాపుల్లో మనం ఆడిన పాత డబ్బా టీవీల్లో కన్సోల్ పంపిన బొమ్మ దాదాపు వచ్చింది వచ్చినట్టే తెర మీద పడేది. ఇప్పటి టీవీ అలా కాదు. వచ్చిన బొమ్మకు రంగు సరిచేస్తుంది, మరకలు తీస్తుంది, అంచులు పదును పెడుతుంది. కదలిక మెత్తగా కనిపించాలని రెండు ఫ్రేముల (ఒక్కో బొమ్మ) మధ్య ఇంకో ఫ్రేమును తానే తయారుచేసి ఇరికిస్తుంది. మధ్య ఫ్రేము చేయాలంటే తర్వాతి ఫ్రేము కూడా చేతికి రావాలి కదా, అందుకని మొదటిదాన్ని కాసేపు ఆపుకుంటుంది. ఇవన్నీ కలిసి కొన్ని టీవీల్లో 100 మిల్లీసెకన్లు దాటిపోతాయి. అదే టీవీని గేమ్ మోడ్‌లో పెడితే ఈ పనులు చాలావరకు పక్కన పెట్టేస్తుంది, ఆలస్యం 10, 20 మిల్లీసెకన్లకు దిగుతుంది. సెకనుకు 60 ఫ్రేములతో నడిచే ఆటలో ఒక ఫ్రేము అంటే 16.7 మిల్లీసెకన్లు. 100 మిల్లీసెకన్లంటే ఆరు ఫ్రేములు. స్కేటర్ రెయిల్ అంచున ఉన్నట్టు మీకు కనిపిస్తున్న క్షణానికి, ఆట లెక్కలో వాడు అంచు దాటి ఆరు ఫ్రేములైంది.

“మరి ఫుట్‌బాల్ ఆటలో బాగానే ఉందే” అంటారు. అక్కడ బంతిని తన్నడానికి ఆటగాడు కాలు వెనక్కి తీయడంలోనే కొంత సమయం పోతుంది, ఈ ఆలస్యం అందులో కలిసిపోయి బయటపడదు. టోనీ హాక్‌లో అలా దాక్కోవడానికి చోటు లేదు. ఎగరడం, గ్రైండ్ పట్టడం (రెయిల్ మీద జారడం), దిగగానే మాన్యువల్ వేయడం, అన్నీ రెప్పపాటులో జరగాలి. పైగా రన్ మొత్తం రెండు నిమిషాలే. అందుకే ఇంట్లో అన్ని ఆటలూ బాగుండి ఇదొక్కటే తేడాగా అనిపిస్తుంది.

ఒక కడప అన్న కథ చెప్తాను. వరుసగా రెండు కొత్త కంట్రోలర్లు కొని, రెండూ డూప్లికేట్ అని నమ్మి, చివరికి కన్సోల్‌ను కూడా బ్యాగులో వేసుకుని వచ్చాడు. నా టేబుల్ మీద మామూలు కంప్యూటర్ మానిటర్‌కు తగిలించి ఇచ్చాను. వేర్‌హౌస్ లెవెల్ పెట్టి, కాసేపటికే అందులో అక్కడక్కడా ఉండే ఎస్-కే-ఏ-టీ-ఈ అక్షరాలన్నీ పోగేశాడు. “ఇదేంటన్నా, ఇక్కడ బ్రహ్మాండంగా ఉంది?” అన్నాడు. ఇంటికెళ్లాక ఫోన్లో స్లో మోషన్ వీడియో తీసి పంపమన్నాను. బొటనవేలు, టీవీ తెర రెండూ ఒకే వీడియోలో పడాలి. సెకనుకు 240 ఫ్రేములతో తీస్తే ఒక్కో ఫ్రేము 4 మిల్లీసెకన్ల పైచిలుకు. ఆయన పంపిన వీడియోలో ఎక్స్ మీద నుంచి వేలు లేచాక స్కేటర్ మోకాళ్లు కదలడానికి నలభైకి పైగా ఫ్రేములు పట్టింది. గేమ్ మోడ్ ఆన్ చేసి తీసిన వీడియోలో అది ఇరవై లోపుకు వచ్చింది. ఎంత మంచి టీవీ అయినా సున్నాకు రాదు. ఆట లెక్కలు వేసి బొమ్మ గీయడానికి కూడా కొంత సమయం కావాలి.

ఆయన నన్ను అడిగిన మాట ఇంకోటి ఉంది, మన బెంగళూరులో అద్దె ఇళ్లలో ఉండేవాళ్లంతా గుర్తుపెట్టుకోవాల్సింది: “పాత ఇంట్లో ఇదే టీవీ మీద బాగానే ఉండేది కదా?” చాలా టీవీల్లో పిక్చర్ సెట్టింగులు ఒక్కో హెచ్‌డీఎంఐ పోర్టుకు విడివిడిగా ఉంటాయి. ఇల్లు మారినప్పుడు కేబుళ్లు పీకి, కొత్త ఇంట్లో మళ్లీ పెట్టేటప్పుడు ఇంకో పోర్టులో పెట్టాడు. గేమ్ మోడ్ పాత పోర్టుకే ఉండిపోయింది. అంతే జరిగింది. దానికి రెండు కంట్రోలర్ల డబ్బు పోయింది.

ఇంకొకటి. రాత్రిపూట పిల్లలు పడుకున్నాక టీవీకి బ్లూటూత్ ఇయర్‌ఫోన్స్ పెట్టుకుని ఆడతారు. బ్లూటూత్‌లో శబ్దం ఆలస్యంగా వస్తుంది, 200 మిల్లీసెకన్ల దాకా కూడా పోతుంది. చక్రాలు నేలను తాకిన చప్పుడు లేటుగా వినిపిస్తే బటనే లేటనిపిస్తుంది. వైరున్న ఇయర్‌ఫోన్స్‌ను కంట్రోలర్‌కే గుచ్చుకోండి.

అపోహ: మాన్యువల్ నిలబడటం లేదంటే స్టిక్ డ్రిఫ్టే

డ్రిఫ్ట్ నిజమైన జబ్బే, కాదనను. స్టిక్ కింద, అది ఎటు వాలిందో కొలిచే పొటెన్షియోమీటర్లు ఉంటాయి. వాటిని విప్పి భూతద్దం కింద పెడితే నల్లటి కార్బన్ పూత ఒక వంపులో కనిపిస్తుంది. బాగా ఆడిన కంట్రోలర్‌లో ఆ వంపు మధ్యలో, సరిగ్గా స్టిక్ వదిలేసినప్పుడు ముల్లు ఆగే చోట, పూత అరిగి సన్నని మెరిసే గీత ఉంటుంది. పక్కనే అరిగిన నల్లపొడి. అలా అరిగిపోతే స్టిక్ ముట్టుకోకపోయినా కర్సర్ నడుస్తుంది. ఏ కంపెనీదైనా ఈ రకం స్టిక్ అయితే ఎప్పుడో ఒకప్పుడు ఇది తప్పదు.

అయితే మాన్యువల్ వేరే సంగతి. పైకి, వెంటనే కిందికి, రెండు నొక్కులు. స్టిక్‌తో ఇది చేస్తే బొటనవేలు మధ్యలోంచి దాటి రావాలి, కాస్త పక్కకు జరిగితే మూలకు పడుతుంది. అదే డీ-ప్యాడ్‌తో (నాలుగు దిక్కుల బటన్లు) టక్ టక్ అని పడుతుంది. స్టిక్ తప్పని చెప్పను, దాంతో అద్భుతంగా ఆడేవాళ్లూ ఉన్నారు. చాలా ఏళ్ల తర్వాత మళ్లీ మొదలుపెట్టేవాళ్లకు మాత్రం డీ-ప్యాడే సుఖం. మాన్యువల్ పడ్డాక పైకీ కిందికీ నొక్కి పట్టుకోకండి, తగిలీ తగలనట్టు తడుతూ ఉండాలి. కాంబో (ట్రిక్కుల వరుస) సాగేకొద్దీ బ్యాలెన్స్ మొండికేస్తుంది, ఆటను అలాగే కట్టారు. సైకిల్ నేర్చుకునే పిల్లాడు హ్యాండిల్‌ను బిగబట్టి పడిపోయినట్టే, ఇక్కడ బటన్ బిగబట్టినవాడు పడిపోతాడు.

డ్రిఫ్ట్ ఉందో లేదో ఇంట్లోనే తెలుసుకోవచ్చు. కంట్రోలర్‌ను కేబుల్‌తో కంప్యూటర్‌కు పెట్టి, బ్రౌజర్‌లో ఏదైనా గేమ్‌ప్యాడ్ టెస్టర్ తెరవండి. స్టిక్‌ను ఒకసారి గుండ్రంగా తిప్పి వదలండి. అంకె సున్నా దగ్గర, 0.05 లోపు ఆగితే కంగారు అక్కర్లేదు. 0.15, 0.2 దగ్గర నిలబడిపోతే, లేదా ముట్టుకోకుండానే గెంతుతుంటే అప్పుడు తీసుకురండి.

అపోహ: నలభై దగ్గర పడ్డాయి, ఇక చేతులు సాగవు

ఈ మాట చెప్పేటప్పుడు జనం గొంతు తగ్గిస్తారు. నాకు నిజంగా బాధేస్తుంది. వయసుతో రిఫ్లెక్సులు కొంచెం తగ్గుతాయి, నిజమే. కానీ ఈ ఆటలో రెయిల్ ఎక్కడుందో ముందే తెలుసు, ఎదురుగా ఎవరూ కాల్పులు జరపరు. ఇది దారి గుర్తుపెట్టుకుని, లయ పట్టుకుని ఆడే ఆట. టీవీ తినేస్తున్న ఆరు ఫ్రేములను తమ వయసు ఖాతాలో రాసుకునేవాళ్లను నేను ఎంతోమందిని చూశాను. ఆటకు పేరిచ్చిన స్కేటర్ టోనీ హాక్ స్వయంగా 1999 ఎక్స్ గేమ్స్ పోటీల్లో, గాల్లో రెండున్నర చుట్లు తిరిగే 900 డిగ్రీల ట్రిక్ దింపినప్పుడు ఆయనకు 31 ఏళ్లు. అదీ బోర్డు మీద, మోకాళ్లు పణంగా పెట్టి. సోఫాలో కూర్చున్న మనకు నలభై ఒక లెక్కే కాదు.

అపోహ: రీమాస్టర్ చేసి కంట్రోల్స్ చెడగొట్టారు

1+2 విషయంలో ఇది తప్పు. 2020 సెప్టెంబరులో వచ్చిన ఈ ఆటను వికేరియస్ విజన్స్ అనే స్టూడియో అన్‌రియల్ ఇంజన్ మీద కొత్తగా కట్టింది. ఆ పనిలో నెవర్‌సాఫ్ట్ రాసిన పాత కోడ్ కొంత వాడుకుంది, స్కేటింగ్‌లో ఆ పాత జారుడు నిలబడటానికి అదే కారణమని వాళ్లే చెప్పారు. ఈ పుకారుకు మూలం బహుశా 2012 నాటి హెచ్‌డీ కూర్పు. అది వేరే స్టూడియో పని. దాని ఫిజిక్స్ పాతదానిలా లేదని అప్పట్లో చాలామంది విమర్శించారు. ఆ రెండింటినీ కలిపి మాట్లాడుతున్నారు.

నిజంగా మారింది ఒకటుంది. 1999 ఆటలో మాన్యువల్ లేదు, రెండో భాగంలో వచ్చింది. రివర్ట్, అంటే ర్యాంప్ మీద దిగగానే బోర్డును తిప్పి కాంబో తెగకుండా చూడటం, మూడో భాగంలో, 2001లో వచ్చింది. 1+2లో పాత లెవెల్స్‌లో కూడా అవన్నీ ఉన్నాయి. ర్యాంప్ మీద దిగుతున్న క్షణంలో ఆర్2 నొక్కి రివర్ట్, వెంటనే పైకి-కిందికి మాన్యువల్. కాంబో తెగకుండా ఇంకో ర్యాంప్‌కు చేరుకోవచ్చు. రెండో భాగంతోనే ఆపేసినవాళ్లకు ఈ బటన్ సంగతే తెలియదు, స్కోరు రావట్లేదని కంట్రోలర్‌ను తిడతారు. రివర్ట్ వద్దు, చిన్నప్పటిలాగే కావాలంటే సెట్టింగుల్లో మొదటి ఆట పద్ధతో రెండో ఆట పద్ధతో పెట్టుకోవచ్చు. 2025లో వచ్చిన 3+4లో నాలుగో భాగానికి పాతదాంట్లో లేని రెండు నిమిషాల గడియారం పెట్టారన్న కోపం న్యాయమైనదే, కానీ అది కంట్రోల్స్‌కు సంబంధించింది కాదు. ఆ సమయాన్ని పెంచుకునే వీలు కూడా ఉంది.

మిగతావి త్వరగా చెప్పేస్తాను.

కేబుల్ పెట్టి ఆడితే లాగ్ (ఆలస్యం) మొత్తం పోతుందంటారు. పోదు. కొన్ని మిల్లీసెకన్ల తేడా ఉండొచ్చు, అదీ కన్సోల్ సెట్టింగుల్లో కమ్యూనికేషన్ పద్ధతిని యూఎస్‌బీకి మార్చితేనే.

బటన్ల సందుల్లో తుప్పు వదిలించే స్ప్రే కొట్టకండి. దయచేసి కొట్టకండి. ఆ జిడ్డు లోపలే ఉండిపోయి బెంగళూరు దుమ్మునంతా పట్టుకుంటుంది. డీ-ప్యాడ్ కింద ఉండే రబ్బరు, సన్నని ఫిల్మ్ మీద ఆ ముద్ద పేరుకుపోయి వచ్చిన కంట్రోలర్లు నా డబ్బాలో ఉన్నాయి. ఎలక్ట్రానిక్స్ కాంటాక్ట్ క్లీనర్ వేరు, తలుపు బందులకు కొట్టేది వేరు.

నో బెయిల్ (పడిపోకుండా), పర్ఫెక్ట్ బ్యాలెన్స్ (బ్యాలెన్స్ తప్పకుండా) లాంటి గేమ్ మాడ్స్ పెట్టుకుంటే చీటింగ్ అని కొందరి బాధ. ఆట చేసినవాళ్లే ఇచ్చారు. చేతికి అలవాటు వచ్చేదాకా పెట్టుకోండి, తర్వాత ఒక్కొక్కటీ తీసేయండి. మీ ఇంట్లో మీ ఆట.

హాల్ ఎఫెక్ట్ స్టిక్ వేయిస్తే ఇక జీవితాంతం సమస్య ఉండదన్నదీ పూర్తి నిజం కాదు. అందులో కార్బన్ పూత లేదు, అయస్కాంతంతో పనిచేస్తుంది కాబట్టి ఆ అరుగుదల ఉండదు. స్ప్రింగులు, ప్లాస్టిక్ మాత్రం మామూలుగానే అరుగుతాయి. పైగా పాత మాడ్యూల్ తీయాలంటే డజనుకు పైగా చోట్ల టంకం కరిగించాలి, తొందరపడితే బోర్డు మీద ట్రాక్ లేచిపోతుంది. కొత్తది వేశాక కాలిబ్రేషన్ (మధ్య స్థానం సరిచేయడం) చేయాలి. అది చేయకుండా ఇచ్చేస్తే కొత్త స్టిక్కే డ్రిఫ్ట్ అయినట్టు ఆడుతుంది. బెంగళూరు ఎలక్ట్రానిక్స్ బజారు ఎస్పీ రోడ్‌లో చేయించుకున్నా, నా దగ్గర చేయించుకున్నా, డబ్బులిచ్చేముందు గేమ్‌ప్యాడ్ టెస్టర్‌లో పెట్టి రెండు స్టిక్కులూ సున్నాకు వస్తున్నాయని మీ కళ్లముందే చూపించమని అడగండి.