జూన్ నెల చెప్పకుండా రాదు

వారాసిగూడ,
హైదరాబాద్.

చిరంజీవులైన పిల్లలకు,

అమ్మమ్మ ఆశీస్సులు. మీలో ఇద్దరికి ఈమధ్యే మొదటి జీతం చేతికొచ్చింది, ఒకరికి వచ్చే ఏడాది పెళ్లి. ఫోనులో మాట్లాడుకుంటే ఆరోగ్యాలు, భోజనాలు, వానలతోనే సరిపోతుంది. డబ్బు సంగతి ఎప్పుడూ మిగిలిపోతుంది. అందుకే కూర్చుని రాస్తున్నాను. కాగితం, పెన్ను దగ్గర పెట్టుకుని, నా అంకెల పక్కన మీ అంకెలు వేసుకుంటూ చదవండి.

నేను చాలా ఏళ్లు ఒక ప్రింటింగ్ ప్రెస్సులో జీతాల పద్దు రాశానని మీకు తెలుసు. జీతాల పుస్తకం పక్కనే అడ్వాన్సుల పుస్తకం ఉండేది. ఏ ఏడాది పుస్తకం తీసినా అది మూడుచోట్ల కిక్కిరిసి ఉండేది: బడులు తెరిచే జూన్, దసరాకు ముందు రెండు వారాలు, పెళ్లి ముహూర్తాలున్న నెలలు. మిగతా నెలల్లో పేజీలు దాదాపు ఖాళీ. అడ్వాన్సుకు వచ్చినవాళ్లు దుబారా మనుషులు కారు. బియ్యం దగ్గర, కూరగాయల దగ్గర రూపాయి రూపాయి చూసుకునేవాళ్లే. ఆ పేజీలు చూసీ చూసీ నాకు ఒక సంగతి స్థిరపడింది. చిన్న జీతాల ఇళ్లు రోజువారీ ఖర్చువల్ల అప్పుల్లో పడడం తక్కువ. ఏడాదికి ఒకసారి వచ్చే ఖర్చువల్ల పడతాయి. ఆ ఖర్చు వస్తుందని ఇంటిల్లిపాదికీ తెలుసు. తెలిసి కూడా నెల జీతంలో దానికి చోటు పెట్టరు.

లెక్క వేసి చూపిస్తాను. భార్యాభర్తలు, ఇద్దరు పిల్లలు ఉన్న ఇల్లు అనుకోండి. ఆయన ఒక దుకాణంలో పనిచేసి 22,000 తెస్తాడు, ఆమె బట్టలు కుట్టి 8,000 సంపాదిస్తుంది. మొత్తం 30,000. ఇక ఏడాదికొకసారి వచ్చే ఖర్చులు: బడి ఫీజులు 24,000, పుస్తకాలూ యూనిఫారాలూ 6,000, బోనాలకు చుట్టాలు, దసరాకు బట్టలు కలిపి 10,000, పెళ్లిళ్లలో చదివింపులు 6,000, బండి ఇన్సూరెన్సు, సర్వీసింగు 4,000, ఊరికి రాకపోకలు 4,000. కూడితే 54,000. పన్నెండుతో భాగిస్తే నెలకు 4,500.

అంటే ఆ ఇంటి ఆదాయం 30,000 కాదు, 25,500. అద్దె, పాలు, గ్యాసు, కిరాణా, ఫోను రీచార్జి, ఆటో ఖర్చు అన్నీ ఈ 25,500లో సరిపోవాలి. మీరు అద్దె ఇల్లు చూసుకునేటప్పుడు కూడా ఈ రెండో అంకెనే మనసులో పెట్టుకోండి. చాలామంది మొదటి అంకె చూసి ఇల్లు మాట్లాడుకుంటారు, జూన్ వచ్చేసరికి ఊపిరాడదు.

అలా పక్కన పెట్టని ఇంటికి ఏమవుతుందో కూడా చూడండి. జూన్‌లో ఫీజులకు, పుస్తకాలకు 30,000 కావాలి, తెలిసినవాళ్ల దగ్గర మూడు రూపాయల వడ్డీకి తెస్తారు. నెలకు 900. అసలు కట్టే శక్తి ఉండదు కాబట్టి వడ్డీ మాత్రమే కట్టుకుంటూ పోతారు. ఏడాది తిరిగేసరికి 10,800 వడ్డీ కట్టి ఉంటారు, 30,000 అసలు అలాగే ఉంటుంది, ఇంకో జూన్ వచ్చి నిలబడుతుంది. పక్కన పెట్టుకుంటే ఆ ఇంటికి కావలసింది నెలకు 2,500. పెట్టుకోనందుకు నెలకు 900 కడుతూ, అసలు అలాగే మోస్తున్నారు.

బయట అప్పు ఇచ్చేవాళ్లు వడ్డీని నూటికి నెలకు ఇంత అని చెబుతారు, బ్యాంకులు ఏడాదికి చెబుతాయి. మూడు రూపాయలంటే చిన్న అంకెలా వినిపిస్తుంది, అది ఏడాదికి 36 శాతం. ఐదు రూపాయలంటే 60 శాతం. రోజువారీ ఫైనాన్సు సంగతి ఇంకా ఘోరం. 10,000 అప్పు రాసుకుని 9,000 చేతికిచ్చి, రోజుకు వంద చొప్పున వంద రోజులు వసూలు చేస్తారు. చూడడానికి వెయ్యి రూపాయలే ఎక్కువ కట్టినట్టుంటుంది. కానీ మొదటి రోజు నుంచే అసలు తిరిగి ఇచ్చేస్తున్నారు కదా, ఆ లెక్కన ఏడాదికి సుమారు 80 శాతం పడుతుంది. తోపుడుబండి వ్యాపారులు ఏళ్ల తరబడి ఈ అప్పులోనే తిరుగుతూ ఉంటారు. క్రెడిట్ కార్డు కూడా అంతే జాగ్రత్తగా చూడవలసిన వస్తువు. బిల్లు మొత్తం గడువులోగా కడితే ఇబ్బంది లేదు. ‘కనీస మొత్తం’ కట్టి ఊరుకుంటే మాత్రం చాలా కార్డులు నెలకు 3 శాతానికి పైగా వడ్డీ వేస్తాయి, ఆ వడ్డీ మీద 18 శాతం జీఎస్టీ. కొత్తిమీర కట్ట దగ్గర బేరమాడే మనం ఈ వడ్డీ దగ్గర నోరెత్తకపోవడం నాకు ఎప్పుడూ బాధగానే ఉంటుంది.

ఇప్పటికే అలాంటి అప్పు ఎవరికైనా ఉంటే సిగ్గుపడి దాచకండి. ఎక్కువ వడ్డీ ఉన్నది ముందు తీర్చండి. ఇంట్లో గొలుసో గాజులో ఉంటే బ్యాంకులో కుదువపెట్టి, ఆ డబ్బుతో మూడు రూపాయల అప్పు తీర్చేయడం మంచిది. బ్యాంకులో బంగారం మీద వడ్డీ సుమారు దానిలో మూడో వంతే ఉంటుంది. నగ పెట్టెలో ఉండి, అప్పు బయట పెరుగుతూ ఉంటే ఆ నగ వల్ల ఎవరికి లాభం?

ఫోనులో క్షణాల్లో అప్పు ఇస్తామనే యాప్‌ల జోలికి అసలు వెళ్లకండి. 2020 చివర్లో మన హైదరాబాద్ పోలీసులు ఇలాంటి వాళ్ల మీద వరసగా కేసులు పెట్టారు. ఆ యాప్‌లవాళ్లు ఫోనులోని నంబర్లన్నీ లాక్కుని, చుట్టాలకూ స్నేహితులకూ ఫోన్లు చేసి పరువు తీశారు. అప్పు తీసుకున్నవాళ్లలో కొందరు ఆత్మహత్య చేసుకున్నారు. మీకు ఎవరి నుంచైనా అలాంటి బెదిరింపు వస్తే ఒక్కరే కుమిలిపోవద్దు. నాకు చెప్పండి, 1930కి ఫోను చేసి ఫిర్యాదు ఇవ్వండి.

సరే, నెలకు 4,500 పక్కన పెడతాం, ఎక్కడ పెట్టాలి అంటారా? బడి ఖర్చుకు కావలసిన 2,500ను బ్యాంకులో ఏడాది రికరింగ్ డిపాజిట్‌గా కట్టండి. జూన్‌లో మొదలుపెడితే వచ్చే జూన్‌లో, ఫీజు కట్టే రోజులకు చేతికొస్తుంది. మీ పిల్లల బడి ఇంకా ముందే ఫీజు అడిగితే మేలోనే మొదలుపెట్టండి. పోస్టాఫీసు రికరింగ్ డిపాజిట్ నెలకు వంద రూపాయలతో కూడా మొదలుపెట్టవచ్చు కానీ అది ఐదేళ్లది. ఏటేటా వచ్చే ఖర్చుకు పనికిరాదు, ఇంటి అడ్వాన్సుకో చదువుకో దాచడానికి మంచిది. మిగిలిన 2,000 వేరే పొదుపు ఖాతాలో ఉంచండి. ఆ ఖాతాను ఫోను చెల్లింపులకు జతచేయవద్దు.

ఫోను చెల్లింపుల గురించి ఒక మాట. చేతిలో నోట్లున్న రోజుల్లో నెల మధ్యకు వచ్చేసరికి కట్ట పలచబడడం కంటికి కనిపించేది. 2016లో యూపీఐ వచ్చాక ఆ చూపు పోయింది. టీ దగ్గర ఇరవై, బేకరీలో తొంభై, అన్నీ ఒకే శబ్దం చేసి వెళ్లిపోతాయి. మానేయమని అనను, నేనూ పాలవాడికి అలాగే ఇస్తున్నాను. జీతం పడే ఖాతా వేరు, ఫోనుకు కలిపిన ఖాతా వేరు పెట్టుకోండి. ప్రతి సోమవారం ఒక వారానికి కావలసిందే రెండో ఖాతాలోకి వేసుకోండి. గురువారానికే అయిపోయిందంటే ఏం కొన్నారో ఆ చెల్లింపుల జాబితాలోనే ఉంటుంది. దాన్ని నోటుబుక్కులోకి చేత్తో ఎక్కించండి. చేత్తో రాస్తేనే మనసుకు పడుతుంది.

చీటీల గురించి మీ అమ్మలు తప్పకుండా చెబుతారు కాబట్టి నా అభిప్రాయం కూడా వినండి. లక్ష రూపాయల చీటీ, ఇరవై మంది, ఇరవై నెలలు, నెలకు 5,000 అనుకోండి. మొదటి నెల పాటలో ఒకరు 25,000 వదులుకుని 75,000కు పాడుకున్నారు. ఆ 25,000లో చీటీ నడిపేవాళ్ల కమిషన్ 5 శాతం, అంటే 5,000 పోతుంది. మిగిలిన 20,000 ఇరవై మందికీ తలా వెయ్యి, దీన్నే డివిడెండ్ అంటారు. ఆ నెల అందరూ 4,000 కడితే చాలు. చివరి నెల దాకా ఆగినవాళ్లు అన్ని నెలల డివిడెండూ పొంది 95,000 తీసుకుంటారు. ఆగగలిగినవాళ్లకు అది పొదుపు, ఆగలేనివాళ్లకు అప్పు. మరి అందరికీ డబ్బు అవసరమయ్యేది ఎప్పుడు? జూన్‌లో, దసరా ముందు. ఆ నెలల్లోనే పోటీ పెరిగి ఎక్కువ వదులుకోవలసి వస్తుంది. కాబట్టి తేదీ తెలిసిన ఖర్చుకు చీటీని నమ్ముకోకండి. పైగా పాడుకోగానే డబ్బు చేతికి రాదు, జామీనుదారులను చూపాలి. కొత్తగా ఉద్యోగంలో చేరినవాళ్లకు అది అంత సులువు కాదు.

వేస్తే రిజిస్టరైన చీటీయే వేయండి. 1982 చిట్‌ఫండ్ల చట్టం ప్రకారం చీటీ మొదలుపెట్టడానికి ముందు అనుమతి తీసుకోవాలి, చీటీ మొత్తానికి సమానమైన హామీని రిజిస్ట్రార్ దగ్గర ఉంచాలి. కమిషన్ 5 శాతం మించకూడదని ఉండేది, 2019 సవరణతో 7 శాతానికి పెంచారు. ఒప్పందపత్రం నకలు, ప్రతి కిస్తుకూ రసీదు అడిగి తీసుకోండి. వీధిలో పెద్దమనిషి నడిపే చీటీలో మనిషి మంచివాడే కావచ్చు, ఆయనకే కష్టం వస్తే మీ డబ్బుకు ఏ కాగితమూ ఉండదు.

బ్యాంకులో దాచిన డబ్బు సంగతి వేరు. ఒక బ్యాంకులో ఒక మనిషికి అసలూ వడ్డీ కలిపి ఐదు లక్షల దాకా బీమా ఉంది. 2020 ఫిబ్రవరి దాకా అది లక్షే. రెండువేల సంవత్సరం దాటిన కొత్తలో మన నగరంలో కొన్ని సహకార బ్యాంకులు మూతపడినప్పుడు, వడ్డీ కాస్త ఎక్కువ వస్తుందని రిటైర్మెంటు డబ్బంతా అక్కడే వేసిన పెద్దవాళ్లు లక్ష తరవాతి సొమ్ము కోసం ఎంత తిరిగారో చూశాను. చీటీలకు, స్థలాలిస్తామని చెప్పి తీసుకునే డిపాజిట్లకు ఆ బీమా ఉండదు. ఎవరైనా నెలకు రెండు శాతం లాభం గ్యారంటీ అంటే వాళ్లు ఎంత దగ్గరి చుట్టమైనా దండం పెట్టి లేచి రండి.

జబ్బు మాత్రం చెప్పి రాదు. దానికి మూడు నెలల ఇంటి ఖర్చు ఫిక్స్‌డ్ డిపాజిట్‌లో ఉండాలి, అది పోగవడానికి రెండు మూడేళ్లు పట్టినా ఫరవాలేదు. జీతం 21,000 లోపు ఉన్నవాళ్లు ఈఎస్‌ఐ (ఉద్యోగుల వైద్య బీమా) కార్డు చేతికొచ్చిందో లేదో యజమానిని అడగండి. మీ జీతంలో 0.75 శాతం దానికి కోస్తున్నారు, సనత్‌నగర్ ఆసుపత్రి మీ డబ్బుతో కూడా నడుస్తోంది. అర్హత ఉన్న ఇళ్లకు ఆరోగ్యశ్రీ ఇప్పుడు ఏడాదికి 10 లక్షల దాకా ఉంది. బ్యాంకులో 436 రూపాయల జీవిత బీమా, 20 రూపాయల ప్రమాద బీమా తీసుకోండి. ఏడాదికి రెండూ కలిపి 456, ఒక్కొక్కదానికి రెండు లక్షలు. ఆ డబ్బు ఏటా మే నెలాఖరులో ఖాతా నుంచి దానంతట అదే కోస్తారు కాబట్టి అప్పుడు నిల్వ ఉండేలా చూసుకోండి. బండి మీద డెలివరీలకు తిరిగేవాళ్లు ఇవాళే చేయవలసిన పని ఇది.

ఉద్యోగం మారినప్పుడల్లా పీఎఫ్ తీసేసుకోవద్దు, పాత ఖాతాను కొత్త దానిలోకి మార్పించుకోండి. ఐదేళ్లు నిండకముందు తీస్తే పన్ను కూడా పడవచ్చు. బంగారం కొనడం వద్దని ఆడపిల్లలకు చెప్పను. కానీ నగ వేసుకోవడానికి కొనండి, పొదుపు అనుకుని కొనకండి. తరుగు, మజూరీ, 3 శాతం జీఎస్టీ అమ్మేటప్పుడు తిరిగి రావు. నగ మీద హాల్‌మార్కు గుర్తు, దానితోపాటు అక్షరాలూ అంకెలూ కలిపి ఆరు ఉండే నంబరు ఉందో లేదో చూసుకోండి. పదేళ్లలోపు ఆడపిల్ల ఉన్నవాళ్లకు సుకన్య సమృద్ధి ఖాతా మంచిది, ఏడాదికి 250 కట్టినా ఖాతా నిలుస్తుంది.

పెళ్లి చేసుకోబోయే వాడా, నీకు ప్రత్యేకంగా ఒక మాట. రాబోయే అమ్మాయితో జీతం ఎంతో, అప్పు ఎంతో దాచకుండా ముందే చెప్పు. ఆమె జీతం ఆమె ఖాతాలోనే పడాలి. ఏడాది ఖర్చుల జాబితా ఇద్దరూ కూర్చుని రాయండి, ఆమె పుట్టింటికి పంపవలసింది ఉంటే అదీ అందులో ఉండాలి. మీ తాతయ్య నా జీతం గురించి ఒక్కరోజు లెక్క అడగలేదు, తన లెక్క మాత్రం నెలనెలా నా ముందు పెట్టేవారు. అందుకే మా ఇంట్లో డబ్బు మీద గొడవ రాలేదు.

ఆదివారం అందరూ వస్తున్నారు కదా, జీతం స్లిప్పులు, బ్యాంకు పాస్‌బుక్కులు తెచ్చుకోండి. మీ ఖాతాల్లో నామినీ పేరు ఉందో లేదో చూడాలి. 2025 నవంబర్ నుంచి ఒక ఖాతాకు నలుగురి దాకా రాయవచ్చు. మీలో ఒకరి పాస్‌బుక్కులో ఆ గడి ఖాళీగా ఉండడం పోయినసారే చూశాను. సోమవారం బ్యాంకుకు వెళ్లి నింపించేద్దాం, నేనూ వస్తాను.

ఇట్లు,
మీ అమ్మమ్మ