శ్రీశైలం గేట్లు చూసొచ్చిన మనవలకు

పిల్లలూ,

మీరు పంపిన ఫొటోలు చూశాను, గేట్ల మీంచి దూకే కృష్ణమ్మను ఎన్నిసార్లు చూసినా తనివి తీరదు. "ఎండలు ముదిరితే నీళ్ల కరెంటుకు ఏమవుతుంది తాతయ్యా" అని చిన్నది అడిగింది. ఫోన్లో తేలే మాట కాదని రాస్తున్నాను.

నీళ్ల కరెంటుకు రెండే కావాలి, ఎంత నీరు, ఎంత ఎత్తు నుంచి. డ్యామ్ కట్టేముందు ఇంజనీర్లు ఆ నది పాత లెక్కలన్నీ తిరగేసి ఎంత పెద్ద వరద రావచ్చో, ఎంత కరువు పడవచ్చో అంచనా కడతారు. నది ఇక ముందు కూడా అలాగే నడుచుకుంటుందని నమ్మి కడతారన్నమాట. భూమి వేడెక్కి వానల తీరు మారుతుంటే, ఇప్పుడు చిక్కంతా ఆ నమ్మకంతోనే.

2009లో దేశం మొత్తం మీద వానలు 22 శాతం తక్కువ, కరువు ఏడాది. అలాంటి ఏడాది, వానాకాలం వెళ్లిపోతోందనుకున్నాక, అక్టోబరు 2న శ్రీశైలానికి 25 లక్షల క్యూసెక్కులు (క్యూసెక్కు అంటే సెకనుకు ఒక ఘనపుటడుగు నీరు) దాటి వరద వచ్చింది! డ్యామ్‌ని డిజైన్ చేసింది 19 లక్షలకే. కర్నూలు మునిగిపోయింది. ఆ ఒక్క వరదను వాతావరణ మార్పు ఖాతాలో వేయను, కానీ గాలి ఒక డిగ్రీ వేడెక్కితే సుమారు 7 శాతం ఎక్కువ ఆవిరి పట్టుకుంటుంది, అది కురిస్తే కుండపోతే. కరువూ వరదా ఒకే ఏడాదిలో వస్తే ఏం చేయాలో ముందే లెక్క వేసుకోవాలి.

పెద్ద వానకు ఎగువ నేలల మట్టి కూడా కొట్టుకొస్తుంది. శ్రీశైలంలో మొదట 308 టీఎంసీలు (ఒక టీఎంసీ అంటే వంద కోట్ల ఘనపుటడుగుల నీరు) పట్టేది, పూడిక చేరి ఇప్పుడు 215 దగ్గరకొచ్చింది. ఇది నన్ను బాగా బాధపెడుతుంది, ఎందుకంటే వరద రోజు దాచుకోలేని నీళ్లే వేసవిలో మనకు లేని కరెంటు.

హిమాలయాల్లో ఇంకో రకం. 2023 అక్టోబరులో సిక్కింలో మంచు కరిగి పెరిగిన సౌత్ లోనాక్ సరస్సు తెగి, 1200 మెగావాట్ల తీస్తా ప్రాజెక్టు తాలూకు చుంగ్‌థాంగ్ డ్యామ్ రాత్రికి రాత్రి కొట్టుకుపోయింది. అందుకే ఇప్పుడు కొత్త ప్రాజెక్టు అంటే నదినొక్కటే చూస్తే చాలదు, పైన ఏ సరస్సు పెరుగుతోందో, అది తెగితే కింది ఊళ్లకు ఎన్ని నిమిషాల ముందు తెలుస్తుందో కూడా చూడాలి.

మళ్లీ శ్రీశైలం వెళ్తే నీటిమట్టం కూడా రాసుకు రండి. సముద్రమట్టం నుంచి 885 అడుగులైతే నిండు, ఆ రోజు దానికి ఎంత తక్కువుందో, ఇన్‌ఫ్లో, అంటే పైనుంచి వచ్చి చేరే నీరు, ఎంతో చెప్పండి, కలిసి లెక్క వేద్దాం.

మీ తాతయ్య