సముద్రంలో ఈ రొద ఎప్పటి నుంచి?

బందరు పోర్టు పనులు ఎంతవరకు వచ్చాయన్నది ఇప్పుడు బెజవాడ టీ కొట్ల దగ్గర కూడా నడిచే చర్చే. మొదటి ఓడ ఎప్పుడొస్తుంది, ఎన్ని ఉద్యోగాలు, భూముల రేట్లు ఎక్కడిదాకా పోతాయి, అన్నీ మాట్లాడుకుంటాం. ఓడలు నీళ్ల కింద చేసే చప్పుడు సంగతి మాత్రం ఎవరూ ఎత్తరు, ఎత్తాలని తట్టదు కూడా, ఎందుకంటే ఒడ్డున నిలబడ్డవాడికి అది వినపడదు. తిమింగలాలకు వినపడుతుంది. ఈ గొడవకు 50 ఏళ్లకు పైబడిన చరిత్ర ఉంది, అందులో నాకు మింగుడుపడనిది ఒక్కటే: ఏం చేస్తే తగ్గుతుందో తెలిసి కూడా ఇంతకాలం సాగదీశారు.

పున్నమి ఘాట్ దగ్గర ఈత కొట్టినవాళ్లకు ఇది అనుభవమే. తల నీళ్లలో ముంచితే చాలు, ఎక్కడో భవానీ ద్వీపం వైపు పోతున్న బోటు మోటారు చెవి పక్కనే ఉన్నట్టు వినిపిస్తుంది. నీటిలో శబ్దం సెకనుకు దాదాపు 1,500 మీటర్లు పోతుంది, గాలిలో కంటే నాలుగు రెట్లకు పైనే, పైగా చాలా దూరం పోయినా అంత తొందరగా సన్నగిల్లదు. వెలుతురు అలా కాదు, కాస్త లోతుకు దిగితే చీకటే. అందుకే తిమింగలాల బతుకంతా చెవుల మీదే నడుస్తుంది: తోడు వెతుక్కోవాలన్నా, పిల్లను దగ్గరుంచుకోవాలన్నా, కొన్ని జాతులకైతే తిండి దొరకాలన్నా. ఫిన్ తిమింగలం కూత 20 హెర్ట్జ్ దగ్గర ఉంటుంది, మన చెవికి అందీ అందని మంద్రస్థాయి. పెద్ద ఓడల రొద కూడా ఎక్కువగా ఆ మంద్రస్థాయిలోనే ఉండటం వాటి ఖర్మ. అందులో ఇంజిన్ వాటా కూడా ఉంది కానీ ఎక్కువ పాపం ప్రొపెల్లర్‌ది. అది జోరుగా తిరిగేటప్పుడు రెక్కల దగ్గర ఒత్తిడి పడిపోయి నీళ్లలో బుడగలు పుడతాయి, పుట్టినవి వెంటనే చితికిపోతాయి, ఆ చితకడమే చప్పుడు. ఓడ వేగం తగ్గిస్తే బుడగలూ తగ్గుతాయి. ఈ ముక్క గుర్తుంచుకోండి, తర్వాత పనికొస్తుంది.

ఈ కూతలు పెద్ద ఎత్తున చెవిన పడింది అమెరికా నౌకాదళానికి. 1950లలో సోవియట్ జలాంతర్గాముల కోసం సముద్రం అడుగున మైకులు పరిస్తే, జలాంతర్గాములతో పాటు క్రమం తప్పకుండా కొట్టుకునే 20 హెర్ట్జ్ శబ్దం ఒకటి వచ్చింది. ఇదేదో రష్యావాళ్ల పనే అని కొందరు అనుమానపడ్డారు కూడా. అది ఫిన్ తిమింగలం కూత అని 1960లలో గానీ తేలలేదు. 1971లో రోజర్ పేన్, డగ్లస్ వెబ్ అనే ఇద్దరు శాస్త్రవేత్తలు లెక్కలు వేసి ఇంకో మాట చెప్పారు: ప్రొపెల్లర్ ఓడలు రాకముందు ఈ కూత లోతు సముద్రంలో వందల కిలోమీటర్లు, పరిస్థితులు కలిసొస్తే వేల కిలోమీటర్లు కూడా వినిపించి ఉండాలి, ఇప్పుడు ఓడల మోత ఆ దూరాన్ని బాగా కుదించేసింది అని. బెంజ్ సర్కిల్‌లో సాయంత్రం ఆరింటికి ఫోన్ ఎత్తినవాడికి ఈ లెక్క విడమరిచి చెప్పక్కర్లేదు.

లెక్కకు కొలత తోడవడానికి మరో ముప్పై ఏళ్లు పట్టింది. కాలిఫోర్నియా పక్కన శాన్ నికొలాస్ దీవి దగ్గర 1964-66లో నౌకాదళం తీసుకున్న రీడింగులు ఉంటే, అదే చోట 2003-04లో మళ్లీ కొలిచారు. మంద్రస్థాయి రొద 10 నుంచి 12 డెసిబెల్స్ పెరిగింది. డెసిబెల్ లెక్క మనల్ని మోసం చేస్తుంది, పది అంటే చిన్నదే అనిపిస్తుంది, కానీ శబ్దశక్తి పది రెట్లయిందని అర్థం.

ఈలోగా పేపర్లకెక్కింది మాత్రం సోనార్, అంటే జలాంతర్గాములను పట్టడానికి నీళ్లలోకి గట్టిగా శబ్దం పంపే పరికరం. 1996లో గ్రీస్‌లో, 2000లో బహామాస్‌లో సైనిక అవసరాలకు సోనార్ వాడిన సమయంలోనే ముక్కు తిమింగలాలు ఒడ్డుకు కొట్టుకొచ్చి చనిపోయాయి. కళేబరాలు కళ్లెదుట ఉన్నాయి కాబట్టి కదలిక వచ్చింది. ఓడల రొదతో అలా ఒక్కసారిగా చావవు కాబట్టి రుజువు చూపించడం కష్టమైంది.

ఆ రుజువు దొరికిన తీరు ఎవరూ కోరుకోనిది. 2001 సెప్టెంబరు 11 దాడుల తర్వాత కెనడాలోని ఫండీ అఖాతంలో ఓడల రాకపోకలు బాగా తగ్గిపోయాయి. అక్కడ ఒక బృందం రైట్ తిమింగలాలనే జాతి మలం నమూనాలు సేకరిస్తోంది (నీళ్ల మీద తేలుతుంది, వలతో తీస్తారు, కంపు భరించడం మాత్రం ఓపిక మీద ఉంటుంది). అదే రోజుల్లో నీటి శబ్దం రికార్డింగులు కూడా ఉన్నాయి. రెండూ పక్కపక్కన పెట్టి చూస్తే రొద 6 డెసిబెల్స్ తగ్గింది, మలంలో స్ట్రెస్ హార్మోన్ల ఆనవాళ్లూ తగ్గాయి. తర్వాతి సంవత్సరాల్లో అదే సీజన్‌లో ఆ తగ్గుదల కనిపించలేదు. రోజలిండ్ రోలండ్ బృందం 2012లో ఇది ప్రచురించింది. అంటే ఆ జీవాలు రోజూ టెన్షన్‌లోనే బతుకుతున్నాయి, మనకు తెలిసింది ఓడలు ఆగినప్పుడు. ప్లాస్టిక్కు, చమురుకు లేని సుగుణం రొదకు ఉంది, ఆపిన క్షణాన పోతుంది, ఏళ్ల తరబడి శుభ్రం చేసే పని లేదు.

అయినా అంతర్జాతీయ నౌకాయాన సంస్థ, అదే ఐఎంఓ, 2014లో ఇచ్చినవి మార్గదర్శకాలు మాత్రమే. పాటిస్తే పాటించండి, లేకపోతే లేదు. 2023లో సవరించారు, అప్పుడూ తప్పనిసరి చేయలేదు. అక్కడక్కడా పని మాత్రం జరిగింది. 2017లో కెనడా పశ్చిమ తీరంలోని వాంకూవర్ పోర్టువాళ్లు హారో జలసంధిలో ఓడలను 11 నాట్లకు (గంటకు దాదాపు 20 కిలోమీటర్లు) తగ్గించి నడపమని అడిగారు, చాలా ఓడలు ఒప్పుకున్నాయి, రొద తగ్గింది. అక్కడి ఓర్కాలు (కిల్లర్ వేల్స్ అంటారే, అవి) క్లిక్ శబ్దాల ప్రతిధ్వనితో సాల్మన్ చేపను పట్టుకుంటాయి, ఆ గుంపులో మిగిలింది డెబ్బై పైచిలుకే. చిన్న బోట్ల కీచుమోత వాటి క్లిక్కులకు అడ్డం కాబట్టి తిమింగలాలను చూపించే టూరిస్టు బోట్లకూ దూరం హద్దులు పెట్టారు.

మనకు దగ్గరి ఉదాహరణ శ్రీలంక. సూయెజ్ మీదుగా మన తూర్పు తీరానికి వచ్చే ఓడలు చుట్టి రావాల్సింది దక్షిణ కొసన ఉన్న డాండ్రా హెడ్‌నే, సరిగ్గా నీలి తిమింగలాలు మేసేది కూడా అక్కడే. ఓడలు వాటిని గుద్ది చంపిన సంఘటనలున్నాయి. 2009లో యుద్ధం ముగిశాక పక్కనే మిరిస్సాలో తిమింగలాలను చూపించే బోట్లు పెరిగి, ఒక్క తిమింగలం తేలితే చాలు చుట్టూ మూగడం మొదలైంది. ఓడల దారిని 15 నాటికల్ మైళ్లు (దాదాపు 28 కిలోమీటర్లు) దక్షిణానికి జరపమని శాస్త్రవేత్తలు ఏళ్ల తరబడి అడుగుతున్నారు, 2022లో ఎంఎస్‌సీ అనే పెద్ద కంటైనర్ కంపెనీ తనంతట తనే జరిగింది. అందరికీ కలిపి దారి మార్చాలంటే శ్రీలంక ప్రభుత్వం ఐఎంఓ దగ్గరకు ప్రతిపాదన పట్టుకెళ్లాలి. ఆ దారిలో సరుకు తెప్పించుకునే దేశాలు, మనతో సహా, ఆ మాట గట్టిగా అడగొచ్చు, ఓడలకు అదనంగా పడేది కొద్ది మైళ్లే.