పన్నెండు మంది పిల్లలతో మొదలైన టీకా భయం

1998 ఫిబ్రవరిలో లండన్‌లోని రాయల్ ఫ్రీ హాస్పిటల్ డాక్టర్లు ప్రెస్ మీట్ పెట్టారు. పేగుల జబ్బుతో పాటు, వచ్చిన మాటలు కూడా పోయి, ఎక్కువమందికి ఆటిజం (మాట, నలుగురితో కలవడం దెబ్బతినే ఎదుగుదల తేడా) ఉన్న పన్నెండు మంది పిల్లల గురించి వాళ్లు రాసిన పేపర్ 'లాన్సెట్' అనే వైద్య పత్రికలో వస్తోంది. తట్టు, గవదబిళ్లలు, రుబెల్లా మూడింటికీ కలిపి వేసే ఎమ్ఎమ్ఆర్ టీకా తర్వాతే తేడా మొదలైందని అందులో ఎనిమిది మంది విషయంలో తల్లిదండ్రులో, డాక్టరో చెప్పారు. టీకా వల్లే ఆ తేడా వచ్చిందని తాము నిరూపించలేదని ఆ పేపర్లోనే రాసి ఉంది. అయినా బృందానికి నాయకుడైన ఆండ్రూ వేక్‌ఫీల్డ్ ప్రెస్ ముందు మాత్రం, మూడు టీకాలూ విడివిడిగా వేయించడమే మేలన్నారు. పేపర్ చదివింది కొద్దిమంది, ఆ మాట విన్నది దేశమంతా.

ఆ మాట నమ్మిన తల్లిదండ్రులను తెలివితక్కువవాళ్లనడం నాకు ఇష్టం లేదు. బ్రిటన్‌లో ఆ టీకా మొదటి డోసు ఏడాది నిండాక వేస్తారు. పేరు పెట్టి పిలిస్తే తిరిగి చూడకపోవడం, కళ్లలోకి చూడకపోవడం, కావాల్సింది వేలితో చూపించకపోవడం లాంటి ఆటిజం లక్షణాలు చాలా ఇళ్లల్లో బయటపడేది కూడా ఆ రెండో ఏట్లోనే. కొందరు పిల్లలు అప్పటిదాకా నేర్చుకున్న నాలుగు మాటలూ మర్చిపోతారు. మొన్న టీకా వేయించాం, ఇవాళ బిడ్డ పలకడం లేదు అనుకునే తల్లికి ఆ రెండూ కలిసే కనిపిస్తాయి. ఆమె అడిగిన ప్రశ్న న్యాయమైనదే.

అయితే దానికి జవాబు టీకా వేయించుకున్న పిల్లల్ని మాత్రమే చూస్తే దొరకదు. వేయించుకోని పిల్లల్లో ఆటిజం ఎంతమందికి వస్తోందో కూడా చూడాలి. వేక్‌ఫీల్డ్ పేపర్లో పోల్చి చూడటానికి అలాంటి గుంపే లేదు. డెన్మార్క్‌లో పుట్టిన ప్రతి బిడ్డకూ ఒక నంబరు ఉంటుంది, టీకాల వివరాలు, రోగ నిర్ధారణలు దానికింద నమోదవుతాయి. ఆ రికార్డులతో 2002లో అయిదు లక్షలకు పైగా పిల్లల్ని పోల్చి చూశారు. 2019లో మళ్లీ 6,57,461 మందిని చూశారు. రెండుసార్లూ టీకా వేయించుకున్నవారికి ఆటిజం ఎక్కువగా రాలేదు. అన్నకో అక్కకో ఆటిజం ఉన్న పిల్లల్ని విడిగా తీసి చూసినా తేడా లేదు.

నన్ను ఇంకా గట్టిగా ఒప్పించింది జపాన్. వేరే కారణాల వల్ల ఆ దేశం 1993లో ఎమ్ఎమ్ఆర్ వాడకం ఆపేసింది. టీకానే కారణమైతే ఆ తర్వాత పుట్టిన పిల్లల్లో ఆటిజం తగ్గాలి. యొకొహామా నగరంలో లెక్క తీస్తే తగ్గలేదు సరికదా, పెరుగుతూనే పోయింది.

కొన్ని టీకాల్లో కలిపే పాదరసం వల్ల ఆటిజం వస్తుందన్న వాదన కూడా ఇలాగే తేలిపోయింది. టీకా చెడిపోకుండా వేసే, పాదరసం ఉన్న థయోమెర్సాల్ అనే ఆ పదార్థం ఎమ్ఎమ్ఆర్‌లో ఎప్పుడూ లేదు. అది ఉన్న పిల్లల టీకాల్లో చాలావాటి నుంచి అమెరికా 2001కల్లా దాన్ని తీసేసింది, అయినా ఆటిజం కేసులు తగ్గలేదు. కేసులు పెరగడానికి ఒక పెద్ద కారణం నిర్వచనం విస్తరించడం, డాక్టర్లూ టీచర్లూ గుర్తుపట్టడం నేర్చుకోవడం. ఆటిజంలో జన్యువుల పాత్ర చాలా పెద్దది. మెదడు ఎదుగుదలలో ఆ తేడా బిడ్డ పుట్టకముందే మొదలవుతుందని ఇప్పుడు తెలుసు.

పేపర్ వెనక జరిగింది 2004 నుంచి బయటికి లాగినవాడు జర్నలిస్టు బ్రయాన్ డీర్. టీకా కంపెనీలపై కేసు నడుపుతున్న లాయర్ల తరఫున వేక్‌ఫీల్డ్‌కు నాలుగు లక్షల పౌండ్లకు పైగా ముట్టాయి. కొందరు పిల్లల్లో లక్షణాలు టీకాకు ముందే ఉన్నట్టు రికార్డుల్లో ఉంది. పేపర్ రాసినవారిలో పదిమంది 2004లోనే టీకా గురించి తాము చెప్పిన అర్థాన్ని వెనక్కి తీసుకున్నారు. పత్రిక మాత్రం పేపర్ను 2010లో గానీ రద్దు చేయలేదు. ఆ ఏడాదే వేక్‌ఫీల్డ్ డాక్టర్ రిజిస్ట్రేషన్ పోయింది. పన్నెండేళ్లు! ఆ ఆలస్యాన్ని నేను తేలిగ్గా తీసుకోలేను.

ఎందుకంటే తట్టు ఆగదు. రక్షణ లేనివారి మధ్య ఒక్క రోగి నుంచి పన్నెండు నుంచి పద్దెనిమిది మందికి సోకుతుంది. అడ్డుకోవాలంటే నూటికి 95 మందికి టీకా పడాలి. బ్రిటన్‌లో అది 80 దాకా దిగింది. 2012-13లో వేల్స్‌లోని స్వాన్సీ చుట్టుపక్కల పన్నెండు వందల పైచిలుకు కేసులు వచ్చాయి. బాగా దెబ్బతిన్నది, ఆ భయం రోజుల్లో టీకా తప్పిపోయి అప్పటికి పదేళ్లు దాటిన పిల్లలు. ఇరవై అయిదేళ్ల యువకుడొకరు చనిపోయారు.

మన దగ్గర ప్రభుత్వం వేసేది తట్టు, రుబెల్లాల ఎమ్ఆర్ టీకా. మొదటి డోసు తొమ్మిది నెలలు నిండాక, రెండోది పదహారు నుంచి ఇరవై నాలుగు నెలల మధ్య. ఆ రెండో డోసు సరిగ్గా ఆటిజం బయటపడే వయసులోనే పడుతుంది. అందుకే సూది వేసేముందే ఏఎన్ఎమ్ గానీ డాక్టర్ గానీ తల్లితో కాసేపు మాట్లాడాలని నా కోరిక. వారం పది రోజులకు కాస్త జ్వరం, ఒంటిమీద దద్దుర్లు రావచ్చని చెప్పాలి. పిలిస్తే చూస్తున్నాడా, వేలితో చూపిస్తున్నాడా, ఎన్ని మాటలు వచ్చాయి అని అడిగి టీకా కార్డు మీదే రాసుకోవాలి. తేడా ఉంటే అప్పుడే తెలుస్తుంది, స్పీచ్ థెరపీ లాంటి సాయం ఏడాది ముందే మొదలుపెట్టొచ్చు.