ఇంటిపేరు బ్రెయిన్, పని నరాల వైద్యం

కొందరి ఇంటిపేర్లు వింటే ఎవరో కావాలని పెట్టినట్టు అనిపిస్తుంది. గత శతాబ్దంలో బ్రిటన్‌లో నరాల వైద్యానికి పెద్ద దిక్కుగా ఉన్న డాక్టర్ ఇంటిపేరు బ్రెయిన్. పూర్తి పేరు వాల్టర్ రస్సెల్ బ్రెయిన్. 1878లో మొదలైన 'బ్రెయిన్' అనే వైద్య పత్రికకు 1954 నుంచి చనిపోయేదాకా ఆయనే సంపాదకుడు. అంతకు చాలా ముందు అదే పత్రికను నడిపినాయన పేరు హెన్రీ హెడ్. తల, మెదడు రెండూ ఆ కుర్చీలో కూర్చున్నాయన్నమాట.

అయితే ఆయన పనిలో నాకు బాగా నచ్చేది మెదడు గురించి కాదు, మణికట్టు గురించి.

రాత్రి నిద్రలో చేయి తిమ్మిరెక్కి, బొటనవేలి నుంచి నడిమి వేలిదాకా సూదులు గుచ్చినట్టయి, లేచి చేయి విదిలించుకునేవాళ్లు మీకు తెలిసిన వాళ్లలో ఒకరైనా ఉంటారు. చిటికెన వేలికి మాత్రం ఏమీ కాదు. గుట్టంతా ఆ తేడాలోనే ఉంది. మణికట్టు దగ్గర ఎనిమిది చిన్న ఎముకలు దోసిలిలా అమరి ఉంటాయి. ఆ దోసిలి మీద మూతలా గట్టి లిగమెంట్ (ఎముకలను కట్టి ఉంచే పట్టీ) ఒకటి ఉంటుంది. మధ్యలోని ఇరుకు సందులోంచే వేళ్లను వంచే తొమ్మిది టెండన్లూ (కండను ఎముకకు కలిపే తాళ్లు), వాటితోపాటు మీడియన్ నరమూ అరచేతిలోకి వెళ్తాయి. లోపల కాస్త వాపు వచ్చినా ముందు నలిగేది నరమే. చిటికెన వేలి నరం ఆ సందులోకి రాదు, దాని దారి వేరు.

ఈ సంగతి పారిస్‌లో 1913లోనే పియర్ మరీ, ఫోయ్ అనే ఇద్దరు డాక్టర్లు గమనించారు. చనిపోయిన ఒకరి చేతిని పరీక్షించి, ఆ లిగమెంట్‌ను ముందే కోసి ఉంటే సరిపోయేదేమోనని రాశారు. అది పెద్దగా ఎవరికీ పట్టలేదు. చేయి తిమ్మిరెక్కి బొటనవేలి కింద కండ తగ్గిపోతే, మెడ దగ్గర అదనపు పక్కటెముక ఉండి అది నరాన్ని నొక్కుతోందని డాక్టర్లు అనుకునేవారు. 1947లో బ్రెయిన్, మరో ఇద్దరితో కలిసి, లిగమెంట్ కోసి నరానికి చోటిచ్చిన ఆరుగురు రోగుల కథను లాన్సెట్ పత్రికలో రాశారు. మణికట్టులోని ఆ ఇరుకు సందు పేరే కార్పల్ టన్నెల్. ఇప్పుడు కార్పల్ టన్నెల్ సర్జరీ అంటే మామూలు ఆపరేషన్.

1952లో ఆయన బృందం మెడ మీద పడింది. మనం స్పాండిలైటిస్ అని పిలుచుకునేదాన్ని డాక్టర్లు స్పాండిలోసిస్ అంటారు. వయసుతో మెడ ఎముకల అంచులు పెరిగి వెన్నుపామును మెల్లగా నొక్కుతాయనీ, డిస్కు ఒక్కసారిగా జారడం వేరు, ఇది వేరనీ విడదీసి చూపించారు. ఇక్కడా అదే కథ: ఇరుకు చోటు, నలిగే నరం.

ఇంతకీ ఈయన మొదట చదివింది చరిత్ర. 1895లో రెడింగ్ పట్టణంలో ఒక న్యాయవాది ఇంట పుట్టి, ఆక్స్‌ఫర్డ్‌లో చరిత్రలో చేరారు. అది రుచించలేదు. మొదటి ప్రపంచ యుద్ధం వచ్చాక తుపాకి పట్టనని, ఫ్రెండ్స్ అంబులెన్స్ యూనిట్ అనే స్వచ్ఛంద సేవా దళంలో చేరి, లండన్‌లోని ఒక ఆసుపత్రిలో ఎక్స్‌రే విభాగంలో పనిచేశారు. ఆ తర్వాతే వైద్యం చదివారు. 1920లో స్టెల్లాను పెళ్లి చేసుకున్నారు. డౌన్ సిండ్రోమ్‌కు పేరిచ్చిన లాంగ్‌డన్ డౌన్ ఆమె తాతగారే. 1933లో బ్రెయిన్ రాసిన నాడీవ్యాధుల పాఠ్యపుస్తకాన్ని తర్వాత కొనసాగించిన డాక్టర్ జాన్ వాల్టన్ కూడా బ్రెయిన్‌లాగే చివరికి లార్డ్ అయ్యారు. ఆ పుస్తకం చలవేమో!

మెదడు గురించి ఏమీ చేయలేదని కాదు. కుడి మెదడు వెనక భాగం దెబ్బతిన్న రోగుల గురించి 1941లో ఆయన రాసింది చదివితే ఒళ్లు జలదరిస్తుంది. వాళ్లకు కుడి, ఎడమ తెలుసు. అయినా సొంత ఇంట్లోనే దారి తప్పేవారు. ఎడమకు తిరగాల్సిన చోట ప్రతిసారీ కుడికే తిరిగేవారు. చూపు పోయి కాదు, ఎడమవైపు అనేదే వాళ్ల లెక్కలోంచి జారిపోయి.

1962లో ఆయన లార్డ్ బ్రెయిన్ ఆఫ్ ఎన్‌షమ్ అయ్యారు. పదవులు చాలానే ఉన్నాయి గానీ, చెప్పుకోవాల్సింది మత్తుమందుల కమిటీ. 1961 నివేదికలో ఆయన కమిటీ బ్రిటన్‌లో సమస్య పెద్దది కాదంది. అది తప్పని త్వరలోనే తేలింది. 1959లో 68 మందిగా ఉన్న హెరాయిన్ వ్యసనపరుల సంఖ్య 1964కి 342కి చేరింది. కమిటీ మళ్లీ కూర్చుని 1965లో సొంత మాటనే మార్చుకుంది. అప్పట్లో అక్కడ డాక్టర్లు వ్యసనపరులకు హెరాయిన్ రాసివ్వొచ్చు. లండన్‌లో కొద్దిమంది డాక్టర్లే దాన్ని విచ్చలవిడిగా రాసిస్తున్నారని తేల్చింది. 1962లో ఒక్క డాక్టరే దాదాపు 6 లక్షల హెరాయిన్ మాత్రలు రాశారట! వ్యసనపరులకు ఆ మందు రాసే అధికారం ప్రత్యేక కేంద్రాల్లోని డాక్టర్లకే ఉండాలని చెప్పింది. 1967 చట్టం ఆ దారిలోనే వచ్చింది.

1966 డిసెంబర్ 29న ఆయన చనిపోయారు. అదే ఏడాది లాన్సెట్‌లో ఆయన, మరో ఇద్దరూ కలిసి ఒక రోగి గురించి రాశారు. అతనికి హషిమోటో అనే థైరాయిడ్ జబ్బుంది. దానికితోడు పక్షవాతం లాంటి దెబ్బలు వస్తూ పోతూ ఉండేవి. రక్తంలో థైరాయిడ్ మీద దాడి చేసే యాంటీబాడీలు (రోగనిరోధక శక్తి తయారుచేసే ప్రోటీన్లు) విపరీతంగా ఉన్నాయి. మెదడు జబ్బుకూ వాటికీ సంబంధం ఉందా? తాము చూసింది కొత్త జబ్బా, కాకతాళీయమా అన్నది మున్ముందు ఇలాంటి రోగుల్లో యాంటీబాడీలను వెతికితేనే తేలుతుందని రాశారు. సొంత రోగనిరోధక శక్తే మెదడు మీద తిరగబడే జబ్బులు ఆ తర్వాత చాలా బయటపడ్డాయి. ఆ రోగి విషయంలో మాత్రం డాక్టర్లు ఇంకా వాదించుకుంటూనే ఉన్నారు.