ఊరి సగటులో కనపడని కాలనీ

1937లో షార్ట్ అనే వైద్యుడు, ఆయన సహచరులు కలిసి ఇండియన్ జర్నల్ ఆఫ్ మెడికల్ రీసెర్చ్‌లో ఒక వ్యాసం ప్రకటించారు. అప్పటి మద్రాసు ప్రెసిడెన్సీలోని నెల్లూరు జిల్లాలో నడుములు వంగిపోయి, మెడలు తిరగక, చివరికి కాళ్లు చచ్చుబడి మంచాన పడుతున్నవాళ్లది వాతం కాదని, తాగే నీళ్లలోని ఫ్లోరైడ్ వల్ల వచ్చిన జబ్బని అందులో చూపించారు. ఫ్లోరోసిస్ అనే ఈ జబ్బు గురించి మన దేశంలో వచ్చిన తొలి పరిశోధనల్లో అదొకటి. కనిగిరి, పొదిలి, దర్శి అప్పట్లో నెల్లూరు జిల్లాలోవే. 1970లో కొత్త జిల్లా ఏర్పడ్డాకే అవి ప్రకాశంలోకి వచ్చాయి.

అంటే కారణం తెలిసి తొంభై ఏళ్లు కావస్తోంది. నీళ్లు మారిస్తే ఈ రోగం కొత్తగా ఎవరికీ రాదు. ఫ్లోరోసిస్ నివారణకు జాతీయ కార్యక్రమం 2008-09లో మొదలైనప్పుడు తీసుకున్న తొలి ఆరు జిల్లాల్లో నెల్లూరు ఒకటి. అయినా రోగం ఇంకా మన మధ్యే ఉంది. నీళ్లు మార్చుకోగలిగినవాళ్ల ఇళ్లలోంచి అది వెళ్లిపోతుంది, మార్చుకోలేనివాళ్ల ఇళ్లలో తిష్ఠ వేస్తుంది. ఎస్సీ కాలనీలో, సుగాలి తండాలో, చెరువుకట్ట కింద యానాదుల గుడిసెల్లో ఇప్పుడు వెతకాల్సింది దాన్నే. సర్వేలు తప్పిపోయేదీ అక్కడే.

ముందు నేల సంగతి. కనిగిరి వైపు గ్రానైట్ రాళ్లలో ఫ్లోరిన్ ఉన్న ఖనిజాలు ఉన్నాయి. వాన నీరు ఆ రాతి పగుళ్లలో ఏళ్ల తరబడి నిలిస్తే ఫ్లోరైడ్ కరిగి నీళ్లలో కలుస్తుంది. నీళ్లలో కాల్షియం బాగా ఉంటే అది ఫ్లోరైడ్‌ను పట్టుకుని అడుగుకు దించేస్తుంది. కానీ వాన తక్కువ, ఎండ ఎక్కువ ఉన్న నేలల్లో కాల్షియం ముందే సున్నపు గడ్డలుగా మట్టిలో పేరుకుపోతుంది. మిగిలేది సోడియం ఎక్కువ, కాల్షియం తక్కువ ఉన్న నీరు. అందులో ఫ్లోరైడ్ హాయిగా కరిగి ఉంటుంది. బోరు లోతుకు దింపేకొద్దీ రాతిలో ఎక్కువ కాలం నిలిచిన నీరు తగిలే అవకాశం పెరుగుతుంది. ఈ నీళ్లకు రంగు మారదు, వాసన ఉండదు. చాలాసార్లు రుచికి తియ్యగానే ఉంటాయి. వంద గజాల దూరంలో ఉన్న రెండు బోర్లలో ఒకదాంట్లో లీటరుకు 0.8, ఇంకోదాంట్లో 4 మిల్లీగ్రాముల ఫ్లోరైడ్ ఉండొచ్చు. అందుకే పక్క బోరు బాగుంది కదా అన్న ధీమా ఇక్కడ పనికిరాదు.

తాగునీటికి భారతీయ ప్రమాణం లీటరుకు 1 మిల్లీగ్రాము. వేరే నీటి ఆధారం లేకపోతే 1.5 దాకా ఒప్పుకుంటారు. ఈ అంకె నీళ్ల గురించి చెబుతుంది, ఆ నీళ్లు తాగే మనిషి గురించి చెప్పదు. రోగం తెచ్చేది రోజు మొత్తం మీద ఒంట్లోకి వెళ్లిన ఫ్లోరైడ్. అది రోజుకు 6 మిల్లీగ్రాములు దాటితే ఎముకల జబ్బుకు అవకాశం ఉందని, 14కు చేరితే ప్రమాదం స్పష్టమని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2002లో తేల్చింది. ఒక ఊరి బోరులో లీటరుకు 3 మిల్లీగ్రాములు ఉందనుకుందాం. బజారులో దుకాణం పెట్టుకున్నాయన క్యాను నీళ్లు మూడు లీటర్లు తాగుతాడు. వాటిలో లీటరుకు 0.3 ఉందనుకుంటే అక్కడ 0.9. అన్నం, పప్పు బోరు నీళ్లతో వండితే పీల్చుకునేది ఒక లీటరు, అంటే 3. మొత్తం 3.9. అదే ఊళ్లో మే నెల ఎండలో ఉపాధి హామీ పనికి వెళ్లే ఆమె పనిచోట బిందెలో పోసిన బోరు నీళ్లు ఆరు లీటర్లు తాగుతుంది. అవి 18, వంటలో మరో 3, మొత్తం 21. ఊరు ఒకటే, బోరు ఒకటే. ఒంట్లో పడే మోతాదులో మాత్రం అయిదు రెట్ల తేడా. రోజుకు రెండు లీటర్ల లెక్కతో కట్టిన ప్రమాణం కూలి మనిషికి సరిపోదు.

మింగిన ఫ్లోరైడ్ దాదాపు అంతా కడుపులోంచి రక్తంలోకి చేరుతుంది. పెద్దవాళ్లలో అందులో సగం దాకా మూత్రంలో పోతుంది, మిగతాది ఎముకలో దిగుతుంది. ఎదిగే పిల్లల్లో దిగేది ఇంకా ఎక్కువ. భోజనంలో పాలు, రాగులు, నువ్వులు, మునగాకు, ముళ్లతో తినే చిన్న చేపలు ఉంటే వాటిలోని కాల్షియం కొంత ఫ్లోరైడ్‌ను పేగులోనే అడ్డుకుంటుంది. అవి అందని ఇంట్లో ఆ అడ్డు ఉండదు. హైదరాబాదు జాతీయ పోషకాహార సంస్థ పరిశోధనల్లో బియ్యం తినేవాళ్ల కంటే జొన్న తినేవాళ్ల ఒంట్లో ఫ్లోరైడ్ ఎక్కువ నిలిచింది. అంతమాత్రాన జొన్న మానెయ్యమని కాదు. కాల్షియం లేకుండా ఒక్క జొన్నన్నం మీదే బతకాల్సి రావడం అసలు సమస్య. అదే సంస్థ బడి పిల్లలకు రోజూ పది గ్రాముల చింతపండు 18 రోజులు ఇచ్చి చూస్తే మూత్రంలో ఫ్లోరైడ్ ఎక్కువగా బయటికి పోయింది. ఇది చిన్న సాయమే, నీళ్లు మార్చడానికి బదులు కాదు. కానుపులు ఎక్కువై, కాల్షియం కరువైన తల్లుల ఎముకలు మరీ తొందరగా దెబ్బతింటాయి.

పళ్ల సంగతి దగ్గరగా చూడాలి, ఎందుకంటే అవి చిన్నప్పుడు తాగిన నీళ్లకు చెరిగిపోని సాక్ష్యం. ఎనిమిదేళ్లలోపు, పన్ను ఇంకా చిగురు లోపల తయారవుతుండగానే దాని గట్టి పైపొర, ఎనామిల్, చెడుతుంది. ఆ వయసు దాటాక ఎంత ఫ్లోరైడ్ తాగినా కొత్తగా పళ్లకు మచ్చ రాదు. మొదట సుద్దపొడి అద్దినట్టు తెల్లటి అడ్డగీతలు వస్తాయి, తర్వాత అవి పసుపు, గోధుమ రంగుకు తిరుగుతాయి. ముదిరితే గుంటలు పడి అంచులు రాలతాయి. ఎడమ పంటికి ఉన్న గీత కుడి జత పంటికీ దాదాపు అదే ఎత్తున ఉంటుంది. గుట్కా గార చిగురు అంచున పేరుకుంటుంది, గీకితే పోతుంది. ఇది గీకినా పోదు. పిల్లలు పళ్లు తోముకోరని మందలించే టీచర్లు ఈ తేడా తెలుసుకుంటే ఆ బిడ్డకు బడిలో తలవంపులు తప్పుతాయి.

ఎముకల దగ్గరికి వచ్చేసరికి వైద్యంలోనే అంతరం మొదలవుతుంది. ముందు వచ్చేది నడుం నొప్పి, మెడ పట్టెయ్యడం, పొద్దున్నే కీళ్ల బిగుతు. కూలి పోగొట్టుకుని ఒంగోలు, నెల్లూరు వెళ్లలేని మనిషి ఊళ్లో ఆర్‌ఎంపీ దగ్గర సూది వేయించుకుని నొప్పి బిళ్లలతో నెట్టుకొస్తాడు. ఏళ్ల తరబడి ఆ బిళ్లలు మింగితే కిడ్నీ దెబ్బతింటుంది. కిడ్నీ దెబ్బతింటే ఫ్లోరైడ్ బయటికి పోయే దారి మూసుకుపోతుంది, ఎముకలో ఇంకా చేరుతుంది, నొప్పి పెరుగుతుంది, మళ్లీ బిళ్ల. ఈ సుడిలోంచి మనిషిని ముందే లాగడానికి ఖర్చులేని మూడు పరీక్షలున్నాయి, ఆశా కార్యకర్త గుమ్మంలోనే చెయ్యగలదు. మోకాళ్లు వంచకుండా కాలి వేళ్లు అందుకోమనాలి. గడ్డం ఛాతీకి ఆనించమనాలి. రెండు చేతులూ మెడ వెనక్కి చేర్చమనాలి. ఏది కష్టమైనా మూత్రంలో ఫ్లోరైడ్ పరీక్షకు, ముంజేతి ఎక్స్‌రేకు పంపాలి. ముంజేతి రెండెముకల మధ్య పొర సున్నంలా గట్టిపడి కనపడితే అది ఫ్లోరోసిస్‌కు బలమైన గుర్తు. మామూలు కీళ్లవాతంలో అది ఉండదు.

ఇక సర్వేలు. రెండు వేల మంది ఉన్న ఊరిని ఊహించండి. పదహారు వందల మందికి ట్యాంకు నీళ్లు వస్తాయి, వాటిలో ఫ్లోరైడ్ లీటరుకు 0.6 మిల్లీగ్రాములు. కాలనీలోని నాలుగు వందల మందికి బోరే గతి, అందులో 4. ఊరి సగటు కడితే 1.28 వస్తుంది, అంటే 1.5 లోపే. కాగితం మీద ఊరు క్షేమం, కాలనీలో ప్రతి గుక్కా విషం. ఆరోగ్య అంతరాలను కొలిచే ఏ పరిశోధనైనా ఊరిని ఒక్క ముద్దగా లెక్కగడితే ఇలాగే మోసపోతుంది. నివాసాన్ని బట్టి, నీటి ఆధారాన్ని బట్టి విడివిడిగా లెక్కించాలి. కాలనీలో ఇళ్లు తక్కువైతే ఊళ్లో పదింట ఒక ఇల్లు చూసినా ఇక్కడ ప్రతి ఇల్లూ చూడాలి. లేకపోతే తేడా ఉన్నా అంకెల్లో తేలదు.

తాళం వేసిన ఇంటిని జాబితాలోంచి కొట్టెయ్యడం ఇంకో పెద్ద తప్పు. కనిగిరి, పొదిలి వైపు నుంచి బేల్దారి పనులకు హైదరాబాదు, బెంగళూరు వలసపోయే కుటుంబాలు ఎన్నో. యానాదులు రొయ్యల గుంటల కాపలాకో, ఇటుక బట్టీలకో మకాం మారుస్తుంటారు. వాళ్లు ఇళ్లకు చేరేది సంక్రాంతికి, ఊరి తిరనాళ్లకు. సర్వే తేదీలు వాటిని చూసి పెట్టుకోవాలి. ఊళ్లో ఉన్నవాళ్లయినా పొద్దున ఏడు దాటితే కూలికి పోతారు. పొద్దెక్కి పదకొండుకు వెళ్లే సర్వేకు దొరికేది పనికి పోలేని ముసలివాళ్లు, నీడపట్టున ఉండే ఇళ్లవాళ్లు. మోతాదు ఎక్కువగా పడే మనిషే లెక్కలోంచి జారిపోతుంది. ఏ నీళ్లు తాగుతారు అని ఒక్క ప్రశ్నతో సరిపెట్టినా తప్పే. తాగడానికి, వండటానికి, పనిచోట, బడిలో, నాలుగూ విడివిడిగా అడగాలి.

నీళ్ల నమూనాకూ పద్ధతుంది. గాజు సీసా వద్దు, 250 మిల్లీలీటర్ల ప్లాస్టిక్ సీసా చాలు. మోటారు అయిదు నిమిషాలు వదిలాక, అదే నీళ్లతో సీసాను మూడుసార్లు కడిగి పట్టాలి. వేసవిలో ఒకసారి, ఈశాన్య రుతుపవనం వెళ్లాక మరోసారి. రంగు మారే కిట్టుతో చూసేటప్పుడు నీళ్లలో బ్లీచింగ్ ఉంటే రంగు వెలిసిపోయి ఫ్లోరైడ్ లేనిపోని ఎక్కువ చూపిస్తుంది. పటిక కలిపిన నీళ్లలో తక్కువ చూపిస్తుంది. అనుమానం వస్తే ఫ్లోరైడ్‌ను నేరుగా కొలిచే ఎలక్ట్రోడ్ ఉన్న ప్రయోగశాలకు పంపాలి. నీళ్లలో కరిగిన లవణాలన్నీ కలిపి చూపే టీడీఎస్ మీటరు ఫ్లోరైడ్‌ను విడిగా కొలవదు. నీళ్లలో టీడీఎస్ తక్కువగా ఉందని నమ్మి ఫ్లోరైడ్ పరీక్ష మానేసిన నీళ్ల ప్లాంట్లలో, ఫ్లోరైడ్ ఎంత ఉందో ఎవరికీ తెలియదు.

పరిష్కారాల్లో ముందు వరస చిన్నపిల్లలది. తల్లి ఎంత ఫ్లోరైడ్ నీళ్లు తాగినా చనుబాలలోకి చాలా కొద్దిగానే వెళ్తుంది, కాబట్టి పాలు తాగే బిడ్డకు రక్షణ ఉంది. డబ్బాపాలు బోరు నీళ్లతో కలిపితే ఆ రక్షణ పోతుంది. అంగన్‌వాడీలో, బడిలో తాగడానికే కాదు, వంటకూ మంచి నీళ్లే వాడాలి. పదిహేను కిలోల బిడ్డకు రోజుకు 1.5 మిల్లీగ్రాములు మించకూడదు. 3 మిల్లీగ్రాములున్న బోరు నీళ్లు ఒక్క లీటరుతోనే దానికి రెండింతలు పడుతుంది. ఇంట్లో ఇరవై లీటర్ల క్యాను ఒక్కటే కొనగలిగితే మొదట పిల్లలకు, గర్భిణికి, తర్వాత అన్నం, పప్పు వండటానికి వాడాలి. స్నానానికి, బట్టలకు బోరు నీళ్లు వాడితే ప్రమాదం లేదు. కాచినంత మాత్రాన ఫ్లోరైడ్ పోదు, నీరు ఇగిరి ఇంకా చిక్కబడుతుంది.

నాగపూర్‌లోని జాతీయ పర్యావరణ ఇంజనీరింగ్ పరిశోధన సంస్థ (నీరి) 1970లలో రూపొందించిన నల్లగొండ పద్ధతిలో పటిక, సున్నం కలిపి ఫ్లోరైడ్‌ను మడ్డిగా దింపుతారు. పనిచేస్తుంది, కానీ నీటి క్షారగుణాన్ని బట్టి పటిక మోతాదు మార్చాలి, మడ్డిని రోజూ తియ్యాలి. ఆ పనికి జీతమిచ్చి మనిషిని పెట్టనిచోట అది మూలనపడుతుంది. సన్నటి పొర గుండా నీటిని వడకట్టే ఆర్‌ఓ ప్లాంటు బయటికి వదిలే నీళ్లలో ఫ్లోరైడ్ మరింత చిక్కగా ఉంటుంది. ఆ కాలువ కాలనీ బావి వైపు పోకుండా చూసుకోవాలి.

శాశ్వత దారి నది నీళ్లే. శ్రీశైలం జలాశయం నుంచి సొరంగాల ద్వారా కృష్ణా నీటిని తెచ్చే పూల సుబ్బయ్య వెలిగొండ ప్రాజెక్టు లక్ష్యాల్లో ఈ ఫ్లోరైడ్ పల్లెలకు తాగునీరు కూడా ఉంది. నీళ్లు వచ్చినా పైపు చివరన ఉన్న కుళాయికి చేరాలి. దారిలో పది ఇళ్లవాళ్లు లైనుకే మోటార్లు బిగించి లాగితే చివరి కుళాయి బుసకొడుతుంది తప్ప బిందె నిండదు. కాబట్టి పథకాన్ని తనిఖీ చేసేటప్పుడు చూడాల్సింది ట్యాంకును కాదు, కాలనీ చివరి కుళాయిలో బిందె ఎన్ని నిమిషాల్లో నిండుతోందో.

నీళ్లు మారాక ఫలితం ఎప్పుడు చూడాలో కూడా ముందే చెప్పాలి. ఎముకలో దాగిన ఫ్లోరైడ్ కొన్నేళ్లపాటు రక్తంలోకి తిరిగొస్తూనే ఉంటుంది, అందుకే పెద్దవాళ్ల మూత్రంలో అది నెమ్మదిగా తగ్గుతుంది. ఆరు నెలల్లో నొప్పి తగ్గలేదని జనం పాత బోరుకు మళ్లే ప్రమాదం ఇక్కడుంది. నీళ్లు మారిన ఏడాది పుట్టిన పిల్లలకు ఏడెనిమిదేళ్లు వచ్చినప్పుడు పై ముందు పళ్లు చూసి, ఊరి పిల్లల లెక్క ఒక వరసలో, కాలనీ పిల్లల లెక్క ఇంకో వరసలో రాయాలి.