మీరెవరి తాలూకా? పూర్వీకుల వెతుకులాటలో అపోహలు, వాస్తవాలు

శ్రీకాకుళం, విజయనగరం వైపు పల్లెల్లో కొత్త మనిషి కనపడితే పెద్దవాళ్లు ముందు పేరు అడగరు. "ఎవరి తాలూకా బాబూ?" అంటారు. ఏ ఊరివాడివి, ఏ ఇంటివాడివి అని దాని అర్థం. పూర్వీకుల వివరాలు వెతికిపెట్టే పనిలో పదకొండేళ్లుగా ఉన్నాను. నన్ను సంప్రదించేవాళ్లలో సగం మంది డర్బన్, మారిషస్, ఫిజీల్లో పుట్టి పెరిగినవాళ్లు. మిగతావాళ్లు హైదరాబాద్‌లోనో డాలస్‌లోనో స్థిరపడి, ముత్తాతల సంగతి తెలుసుకోవాలని ఆరాటపడేవాళ్లు. అందరూ ఒక పేరు పట్టుకుని వస్తారు. నేను మాత్రం ఆ పల్లె పెద్దలు అడిగే ప్రశ్నే అడుగుతాను. ఊరు తెలియకుండా పేరు వెంట పడితే ఏళ్లు గడిచిపోతాయి.

అపోహ: ముత్తాత పేరు తెలిస్తే చాలు, మిగతాదంతా దొరుకుతుంది.

మన ఇళ్లలో తాత పేరు మనవడికి పెట్టుకుంటాం. నలుగురు అన్నదమ్ములుంటే నలుగురి పెద్దకొడుకులకూ అదే పేరు. ఇంట్లో పెద్ద రామయ్య, చిన్న రామయ్య, ఎర్ర రామయ్య అని పిలుచుకుంటారు. కాగితం మీదకి వచ్చేసరికి అందరూ రామయ్యలే. ఈ పనిలోకి వచ్చిన కొత్తలో ఒక కుటుంబం కోసం ఎనిమిది నెలలు ఒకే మనిషి వెంట తిరిగాను. ఆయన కొన్న పొలాలు, పెట్టిన తాకట్లు, కోర్టులో వేసిన దావా అన్నీ దొరికాయి. తీరా చూస్తే ఆయన వాళ్ల ముత్తాత కాదు, ముత్తాతకు పెదనాన్న కొడుకు. తండ్రి పేరు వేరే ఉందని మొదటి దస్తావేజులోనే స్పష్టంగా రాసి ఉంది. నేను దాన్ని సరిగా చూడలేదు. ఆ మాట ఆ కుటుంబానికి చెప్పిన రోజు ఇప్పటికీ గుర్తుంది. అప్పటినుంచి ఊరు, తండ్రి పేరు రెండూ కలిస్తే తప్ప ఎవరినీ ఫలానావాళ్ల ముత్తాత అని నేను అనను.

డర్బన్ నుంచి రాసిన ఒక రిటైర్డ్ టీచర్ గారి సంగతి చెప్తాను. మొదట ఆవిడ దగ్గర ఉన్నది ఒక నెంబరు మాత్రమే. చెరకు తోటల్లో పనికి దక్షిణాఫ్రికాలోని నాటాల్ వెళ్లిన ప్రతి కూలీకీ అలాంటి నెంబరు ఇచ్చారు. మద్రాసులో బయల్దేరిన ట్రూరో అనే ఓడ 342 మందితో 1860 నవంబర్ 16న డర్బన్ చేరింది. అప్పటినుంచి 1911 దాకా వెళ్లినవాళ్లు 1,52,184 మంది. మూడింట రెండొంతులు మద్రాసు రేవు నుంచే ఓడెక్కారు. ఆ ఓడల జాబితాలు భద్రంగా ఉన్నాయి. ఒక్కో మనిషికి ఒక్కో వరుస: నెంబరు, పేరు, తండ్రి పేరు, వయసు, కులం, జిల్లా, తాలూకా, ఊరు, ఎత్తు, ఒంటి మీద గుర్తు.

ఆవిడ ముత్తాత వరుసలో జిల్లా గంజాం అని, తాలూకా చికాకోల్ అని ఉంది. గంజాం అనగానే ఒడిశాలో మనిషిని పెట్టి చాలా కాలం వెతికించారు. చికాకోల్ అంటే మన శ్రీకాకుళం. అప్పట్లో అది గంజాం జిల్లాలో ఉండేది. 1936లో ఒడిశా ఏర్పడినప్పుడు విశాఖపట్నం జిల్లాలో కలిసింది, 1950లో విడి జిల్లా అయింది. ఇలాంటివి చాలా ఉన్నాయి. 1904కు ముందు గుంటూరు మనిషి కృష్ణా జిల్లావాడిగా కనిపిస్తాడు. చిత్తూరు 1911 దాకా ఉత్తర ఆర్కాటులో ఉంది, అనంతపురం 1882 దాకా బళ్లారిలో ఉంది. ఇప్పటి మ్యాపు మూసేసి ఆనాటి జిల్లా హద్దులు ముందు పెట్టుకోవాలి.

ఇక ఊరి పేరు. కూలీ తన యాసలో చెప్పాడు, గుమాస్తా చెవికి ఆనినట్టు ఇంగ్లిష్‌లో రాశాడు. దాన్ని కళ్లతో చదివితే ఏమీ తెలియదు. నాలుగైదు రకాలుగా పైకి పలికి, ఆ తాలూకా ఊళ్ల పట్టీ పక్కన పెట్టి చూడాలి. అలా చేస్తే ఆవిడ విషయంలో రెండు ఊళ్లు మిగిలాయి.

ఆ వరుస చివర ఒంటి గుర్తు దగ్గర "కుడి కనుబొమ్మ మీద మచ్చ" అని ఉంది. ఆయన ఫొటో ఎవరి దగ్గరా లేదు. ఆ ముక్క చదివి వినిపించాక ఆవిడ ఫోన్‌లో చాలాసేపు ఏమీ మాట్లాడలేదు. తర్వాత, "ఆ దెబ్బ ఎలా తగిలిందో తెలుస్తుందా?" అని అడిగారు. అది ఏ కాగితంలోనూ ఉండదండీ అని చెప్పాల్సి వచ్చింది.

అపోహ: ఇంటిపేరు ఒకటైతే వంశం ఒకటే.

మన ఇంటిపేర్లలో చాలావరకు ఊరి పేర్లే. ఒకే ఊరినుంచి బయటికి వచ్చిన నాలుగు కులాలవాళ్లకూ అదే ఇంటిపేరు ఉండొచ్చు, వాళ్లకు చుట్టరికం ఏమీ ఉండదు. సముద్రం దాటినవాళ్ల సంగతి ఇంకా వేరు. అక్కడి అధికారులు మనిషి సొంత పేరునో తండ్రి పేరునో ఇంటిపేరుగా రాసుకున్నారు. దక్షిణాఫ్రికాలో అప్పలసామి, మారిషస్‌లో అప్పన్న ఇంటిపేర్లయ్యాయి.

అయినా ఆ పేర్లను తీసిపారేయకండి. అప్పన్న అంటే సింహాచలం స్వామి. అప్పలస్వామి, అప్పలమ్మ, సింహాద్రి అనే పేర్లు ఎక్కువగా ఉత్తరాంధ్రవి. పైడయ్య, పైడమ్మ కనిపిస్తే విజయనగరం పైడితల్లి గుర్తుకు రావాలి. పెంచలయ్య అంటే నెల్లూరు వైపు పెంచలకోన. కోటయ్య అంటే కోటప్పకొండ. కొమురయ్య అంటే కొమురవెల్లి మల్లన్న, యాదగిరి అంటే యాదగిరిగుట్ట. పూర్వీకుడి పేరులో ఏ దేవుడున్నాడో చూస్తే వెతకాల్సిన జిల్లాలు రెండు మూడుకు తగ్గుతాయి. ఊరు తెలియనప్పుడు నేను చేసే మొదటి పని ఇదే.

అపోహ: పాత జనాభా లెక్కల్లో పేర్లుంటాయి.

ఇంగ్లండ్, అమెరికాల్లో ఉంటాయి, అందుకే విదేశాల్లో ఉన్నవాళ్లు ముందు ఇదే అడుగుతారు. మన దగ్గర మొత్తం అంకెలే మిగిలాయి, ఇంటింటి కాగితాలు ఉంచలేదు. పైగా 1948 సెన్సస్ చట్టం ప్రకారం వ్యక్తుల వివరాలు బయటివాళ్లు చూడటానికి వీల్లేదు. దీనిమీద సమయం పెట్టకండి.

అపోహ: మావాళ్లు పేదవాళ్లు, చదువు లేనివాళ్లు. వాళ్ల గురించి ఎవరు రాసి ఉంటారు?

ఈ మాట విన్నప్పుడల్లా బాధేస్తుంది. ఓడల జాబితాల్లో ఉన్నవాళ్లంతా పేదవాళ్లే కదా. జమీందారు ఎత్తు ఎంతో ఎవరూ రాసి పెట్టలేదు, కూలీ ఎత్తు అంగుళాలతో సహా రాశారు. మారిషస్‌కు వెళ్లినవాళ్ల రిజిస్టర్లు మోకాలోని మహాత్మాగాంధీ ఇన్‌స్టిట్యూట్‌లో ఉన్నాయి, వాటిలో కొందరి ఫొటోలు కూడా ఉన్నాయి.

ఊళ్లోనే ఉండిపోయినవాళ్ల విషయానికి వస్తే, అప్పటి మద్రాసు ప్రెసిడెన్సీలో 1858లో ఇనాం కమిషన్ వేశారు. పన్ను లేని మాన్యాలన్నీ ఎవరి చేతుల్లో ఉన్నాయో ఊరూరా విచారించి రిజిస్టర్లు రాశారు. గుడి అర్చకులే కాదు, మంగలి మాన్యం, చాకలి మాన్యం, వడ్రంగి మాన్యం అనుభవించినవాళ్లూ ఆ లెక్కలోకి వచ్చారు. ఆనాటి అనుభవదారు పేరు, వయసు, మొదట మాన్యం పొందినవాడికి అతనేమవుతాడు, ఇలా గళ్లుంటాయి. అదృష్టముంటే ఒక్క పేజీలో మూడు తరాలు దొరుకుతాయి. తెలంగాణలో అయితే సేత్వార్ అనే పాత భూమి సర్వే రిజిస్టరు, 1954-55 నాటి ఖాస్రా పహాణీ అనే పొలాల పట్టీ చూడాలి. నిజాం కాలం కాగితాలకు ఉర్దూ చదవగల పెద్దమనిషి తోడు కావాలి.

అమ్మకం దస్తావేజుల్ని ధర కోసం చదివి పక్కన పెట్టేస్తారు. నాకు ధరతో పని లేదు. "నా పిత్రార్జితమై" అని ఉంటే ఆ భూమి తండ్రినుంచి వచ్చింది, తండ్రి కూడా ఆ ఊరివాడే అయ్యుంటాడు. "స్వార్జితం" అని ఉంటే ఆయనే కొన్నాడు, అంటే ఇంకో దస్తావేజు ఎక్కడో ఉంది, దాన్ని వెతకాలి. తర్వాత నాలుగు హద్దులు. అన్నదమ్ములు పంచుకున్న పొలాలు పక్కపక్కనే ఉంటాయి కాబట్టి తూర్పు హద్దులో, పడమర హద్దులో చాలాసార్లు సొంత అన్న పేరో చిన్నాన్న పేరో ఉంటుంది. పొలం లేనివాళ్లు సాక్షులుగా వేలిముద్ర వేసి కనిపిస్తారు. కాగితం మీద ఫసలీ (పాత శిస్తు లెక్కల) సంవత్సరం ఉంటే 590 కలపండి: ఫసలీ 1300 అంటే 1890 జూలై నుంచి 1891 జూన్ దాకా. ఊరి లెక్కలు రాసే కరణాల వ్యవస్థ పోయాక కొన్ని పాత కట్టలు వాళ్ల వారసుల ఇళ్లల్లో అటకల మీదే ఉండిపోయాయి. మర్యాదగా అడిగితే చాలామంది దించి చూపిస్తారు.

రంగం, అంటే బర్మాలోని రంగూన్ వెళ్లినవాళ్ల దగ్గర మాత్రం ఈ పని కష్టం. రంగూన్‌కు మేస్త్రీ ఇచ్చిన అడ్వాన్సు మీదనో, సొంతంగా డెక్కు టికెట్టు కొనుక్కునో వెళ్లారు. నాటాల్ జాబితాల్లాంటివి వాళ్లకు లేవు. 1942లో బర్మా నుంచి కాలినడకన వచ్చినవాళ్లు కాగితాలు తెచ్చుకునే స్థితిలో లేరు. అక్కడ మిగిలింది ఇంట్లో పెద్దవాళ్ల మాటే.

అపోహ: పెద్దవాళ్లు చెప్పే కాలాలు లెక్కలోకి రావు.

"ధాత కరువుకి మా తాత చంటిపిల్లాడు" అంటే అది 1876కు అటూ ఇటూ పుట్టిన మనిషి. గుంటూరు వైపు డొక్కల కరువు అంటే నందన నామ సంవత్సరం, 1832-33. బందరు ఉప్పెన అంటే 1864 నవంబర్ 1. మన అరవై ఏళ్ల పేర్లు తిరిగి తిరిగి వస్తాయి కాబట్టి అరవై ఏళ్ల తేడా రావచ్చు, అది ఒక్కటే జాగ్రత్త. అమ్మమ్మను "ఏ సంవత్సరం?" అని అడగకండి. "అప్పటికి నీ పెళ్లయిందా? ఉప్పెన వచ్చిందా?" అని అడిగి ఫోన్‌లో రికార్డు చేసుకోండి.

అపోహ: ఆడవాళ్ల జాడ దొరకదు.

ఊళ్లో రికార్డుల వరకు ఇది కొంత నిజం. పసుపు కుంకుమ కింద కూతురికి రాసిచ్చిన పొలం కాగితాలు తప్ప ఆడవాళ్ల పేర్లు పెద్దగా కనపడవు. కానీ ఓడ జాబితాల్లో ప్రతి స్త్రీకీ సొంత నెంబరుంది, సొంత వరుసలో తండ్రి పేరుంది, ఊరుంది. టీచర్ గారు అప్పటిదాకా ముత్తాత వరుస ఒక్కటే పట్టుకుని ఉన్నారు. ఆ కింది నెంబరు చూడమన్నాను. అది ఆయన భార్యది. ఆమె పుట్టింటి ఊరు పేరు స్పష్టంగా, తప్పు లేకుండా రాసి ఉంది. పిల్లనిచ్చి పుచ్చుకోవడం సాధారణంగా చుట్టుపక్కల ఊళ్లలోనే కదా. మేము అనుకున్న రెండు ఊళ్లలో ఒకటి అక్కడికి నాలుగు మైళ్లు, ఇంకోటి ఇరవై ఏడు మైళ్లు.

అపోహ: డీఎన్ఏ పరీక్ష చేయిస్తే ఊరు తెలిసిపోతుంది.

ఊరు చెప్పదు. ఆ పరీక్ష చేయించుకున్న బంధువులు ఉంటే వాళ్లను చూపిస్తుంది, అంతే. మనలో మేనరికాలు ఎక్కువ కాబట్టి దూరపు చుట్టం కూడా దగ్గరవాడిలా కనిపిస్తాడు. కాగితాలతో ఊరు ఖాయం చేసుకున్నాక చేయిస్తే ఉపయోగం.

మొన్న మాఘమాసంలో ఆ దగ్గరి ఊరికి నేనొక్కడినే వెళ్లాను. రచ్చబండ మీద కూర్చున్న తాతగారు ఎప్పటిలాగే "ఎవరి తాలూకా బాబూ?" అన్నారు. జాబితాలో ఉన్న తండ్రి పేరు చెప్పాను. ఆయన కాసేపు ఆలోచించి, ఆ పేరు పెట్టుకునే ఇల్లు పడమటి వీధిలో ఒకటుందని, వాళ్లవాడొకడు ఓడెక్కి పోయాడని తన చిన్నప్పుడు విన్నానని చెప్పారు. ఇది సరిపోదు. ఆ ఇంటివాళ్లకు పూర్వం మాన్యం ఉండేదట. అందుకని ఆ ఊరి ఇనాం రిజిస్టరు కోసం ప్రభుత్వ పాత రికార్డుల ఆర్కైవ్స్‌లో చూడాలని నిర్ణయించుకున్నాం. తండ్రి పేరు అందులో కనిపించేదాకా టీచర్ గారిని విమానం టికెట్టు కొనొద్దన్నాను.